నలభై ఒకటి, ఆబ్సెంట్

"నలభై ఒకటి... ఆబ్సెంట్."

నేను గుమ్మంలోనే ఉన్నాను. చొక్కాలోంచి నీళ్లు కారుతున్నాయి. ఎడమ చేతికి ట్రే అంచు గీసుకుపోయి మంట పుడుతోంది. అంత ఎత్తు మనిషిని ఎదురుగా నిలబడితే ఆ పిల్ల కంటికి ఆనలేదు.

"ఇదిగో, ఇక్కడే ఉన్నానుగా!" అన్నాను రొప్పుతూ.

ఆమె తల కూడా ఎత్తలేదు. "పిలిచినప్పుడు లేవు."

"పిలిచి రెండు సెకన్లు కూడా కాలేదు!"

"లేవంటే లేవు. లోపలికి వస్తావా, తలుపేసెయ్యమంటావా? జల్లు కొడుతోంది."

క్లాసంతా గొల్లుమంది. నాకు ఒళ్లు మండిపోయింది. కాలేజీలో చేరిన మొదటి వారంలోనే మా పరిచయం ఇంత చక్కగా జరిగింది.

మా మొదటి పీరియడ్ సార్‌కి చూపు సరిగ్గా ఆనదు. అందుకని హాజరు పట్టీ క్లాస్ లీడర్ చేతికిచ్చి, తను కుర్చీలో కళ్లు మూసుకునేవారు. ఆ లీడర్ ఈవిడే. పట్టీని చంటిపిల్లలా గుండెకి హత్తుకుని తిరిగేది కాబట్టి అందరూ 'రిజిస్టర్' అని పేరు పెట్టారు. బెల్లు ఎనిమిదీ నలభై ఐదుకి. యాభైకల్లా పిలవడం పూర్తి. నేను మామూలుగా వచ్చేది యాభై ఐదుకి.

ఎందుకు లేటవుతానో కూడా చెప్పాలిగా. తెల్లారకముందే లేచి బేకరీ వ్యాన్ ఎక్కుతాను. పద్నాలుగు షాపులకి బ్రెడ్ ట్రేలు దింపాలి, ఖాళీవి ఎక్కించాలి. వ్యాన్ నడిపే బాబాయ్‌కి భుజం ఆపరేషన్ అయింది, ట్రే ఎత్తలేడు. ఆ డబ్బుతో నా హాస్టలూ తిండీ గడుస్తాయి. కాలేజీ ఫీజు స్కాలర్‌షిప్ కడుతుంది. ఆ స్కాలర్‌షిప్ నిలవాలంటే హాజరు పీరియడ్ల లెక్కన డెబ్బై ఐదు శాతం ఉండాలి. కుట్టుమిషన్ తొక్కి పెంచిన మా అమ్మ, 'ఫీజు తప్ప ఇంకేదైనా అడగరా' అని ముందే చేతులెత్తేసింది. అంచేత ఆ డెబ్బై ఐదే నా ప్రాణం. ఆ ప్రాణాన్ని రోజుకో ఆబ్సెంట్‌తో తోడేస్తోంది ఈ మహాతల్లి.

మూడేళ్లు ఇదే గొడవ.

"గడియారం మింగి పుట్టావా?"

"నువ్వు ఒకటి కొనుక్కో, సరిపోతుంది."

"నేను వచ్చేదాకా పది నిమిషాలు ఆగి పిలిస్తే నీ సొమ్మేం పోతుంది?"

"నలభై మంది టైమ్ పోతుంది. కూర్చో."

ఆఖరి ఏడాదిలో ఓ రోజు నా చేతి వంక చూసి, "దానికేమైంది?" అంది.

"నీకెందుకు?"

మర్నాడు నా నోట్‌బుక్ మీద ప్లాస్టర్ల ప్యాకెట్ ఒకటి టపీమని పడింది. విసిరేసి వెళ్లిపోయింది. ఇవ్వడం చేతకాదా, విసరడమేంటని ఆ సాయంత్రమంతా హాస్టల్ గదిలో తిట్టిపోశాను. తిడుతూనే ఒకటి వేసుకున్నాను. మిగతావి జేబులో దాచాను.

ఆఖరి పరీక్షలకి పదిహేను రోజులుందనగా ఆఫీసులో పిడుగు పడింది.

కాలేజీ తరఫున పరుగు పందేనికి పక్క ఊరు వెళ్లిన రోజొకటి ఉంది. ఆ రోజుకి హాజరు ఇవ్వమని ఆటల మాస్టారు రాసిచ్చిన ఉత్తరం పట్టుకెళ్లాను. అది కలిస్తేనే డెబ్బై ఐదు దాటుతుంది. గుమాస్తా వేలు తడుపుకుంటూ పేజీలు తిప్పి, ఒక్కచోట ఆగిపోయాడు.

"బాబూ, ఉదయం ఆరింటికే ఊరు దాటావని ఉంది ఉత్తరంలో."

"అవునండీ."

"మరి మొదటి పీరియడ్‌లో ప్రెజెంట్ అని ఉందేంటి? ఒకే గంటలో రెండు చోట్ల ఎలా ఉన్నావయ్యా? దేవుడివా?"

వంగి పట్టీలోకి చూశాను. నిజంగానే ఉంది.

"ఉత్తరం దొంగదైనా అవ్వాలి, హాజరు దొంగదైనా అవ్వాలి. ఏదైనా స్కాలర్‌షిప్ ఆపాల్సిందే. రేపు పదింటికి ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గర చెప్పుకో."

స్కాలర్‌షిప్ ఆగితే ఫీజు ఆగుతుంది. ఫీజు ఆగితే హాల్ టికెట్ రాదు. మూడేళ్లుగా మోసిన ట్రేలన్నీ ఒక్కసారి నెత్తిన పడ్డట్టయింది. తిన్నగా గదికెళ్లి రూమ్మేట్ కప్పుకున్న దుప్పటి లాగేశాను.

"నా గొంతుతో ప్రెజెంట్ చెప్పావా? నిజం చెప్పు!"

"ఎప్పుడు?"

"పందెం రోజు!"

వాడు కళ్లు నులుముకుని ఆలోచించాడు. "వాన కురిసిన రోజా? ఆ రోజు నేను క్లాసుకే రాలేదురా. చూసుకో కావాలంటే. నాకే ప్రెజెంట్ లేదు, నీకెక్కడ చెప్తాను?"

వాడి బద్ధకం మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. వాడు కాదు. మరి పట్టీలో గీత పెట్టే చెయ్యి ఇంకొక్కటే ఉంది. అరికాలి మంట నెత్తికెక్కింది. మూడేళ్లు ఆబ్సెంట్లు వేసి చాలక, పోతూ పోతూ నన్ను దొంగని చేసి పోతుందా?

లైబ్రరీలో దొరికింది. ముందు నిలబడి బల్ల మీద అరచేత్తో కొట్టాను.

"పందెం రోజు నా నంబర్ పిలిచావా? ఎవరు పలికారు?"

ఎప్పుడూ మాటకి మాట అంటించే మనిషి పాలిపోయింది. పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

"ఆ రోజు నువ్వు ఊళ్లో లేవా?" అంది మెల్లగా.

"లేను! పందేనికి వెళ్లాను! నాలుగో స్థానం వచ్చింది! ఇప్పుడు నా ఫీజు పోయింది, పరీక్ష పోయింది! రేపు పదింటికి ప్రిన్సిపాల్ మేడమ్ ముందు నిలబడాలి! సంతోషమా?"

"రేపు పదింటికేగా? నేను కూడా వస్తాను," అని పుస్తకాలు సర్దుకుని లేచిపోయింది. నామీద ఇంకేం చెప్పడానికి వస్తుందో అని రాత్రంతా పళ్లు నూరుకున్నాను.

మర్నాడు మేడమ్ బల్ల మీద పట్టీ, ఉత్తరం పక్కపక్కనే ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపే ఆమె అడుగు ముందుకేసింది.

"ఉత్తరం నిజమే మేడమ్. హాజరే అబద్ధం. అది నేనే వేశాను. ఇతనికి తెలీదు."

మేడమ్ కళ్లజోడు తీసేశారు. "నువ్వా? ఎందుకమ్మా?"

"పిలవకుండానే వేశాను. ఎలాగూ పది నిమిషాలకి వస్తాడు కదా అనుకున్నాను. రాలేదు. కొట్టెయ్యాలంటే మీ సంతకం కావాలి. అడగడానికి భయం వేసింది."

"ఇన్నేళ్లలో ఇలా ఎన్నిసార్లు చేశావు?"

"ఒక్కసారే మేడమ్."

మేడమ్ పట్టీలో ఆ గీత కొట్టేసి సంతకం పెట్టారు. "ఈ క్షణం నుంచి నువ్వు లీడర్‌వి కాదు. నీ తర్వాతి నంబర్ వాడికి పట్టీ అప్పజెప్పు. ఒక్క పీరియడ్ కూడా తప్పనివాళ్లకిచ్చే పతకం మాత్రం నీ సొంత హాజరుది, దాని జోలికి రాను." నావైపు తిరిగారు. "ఉత్తరం తీసుకుంటున్నాను. లెక్క సరిగ్గా అంచు మీద ఉంది. మిగిలిన ఆరు రోజుల్లో ఒక్క ఆబ్సెంట్ పడినా నన్ను అడగొద్దు."

వరండాలోకి రాగానే నేను బద్దలయ్యాను.

"ఎవడు వెయ్యమన్నాడు నిన్ను? జాలి పడమని నేనడిగానా?"

"జాలా? నీమీదా? నీమీద జాలి పడాలంటే ముందు నీ నోరు కుట్టెయ్యాలి!"

"మరి ఎందుకు వేశావ్?"

"ముందురోజు వానలో వచ్చి, షూ విప్పి కిటికీలోంచి నీళ్లు ఒంపావు. ఆబ్సెంట్ అన్నాను. ఎప్పుడూ ఎగిరిపడేవాడివి, ఆ రోజు ఒక్క మాట అనలేదు. తల వంచుకుని కూర్చున్నావు. నాకు ఆ పూట అన్నం సహించలేదు. మర్నాడూ వానే. చెయ్యి దానంతటదే గీత పెట్టేసింది. మూడేళ్లలో ఒక్క రోజు కూడా మానలేదు నువ్వు! సరిగ్గా ఆ రోజే మానాలా? పోయినవాడివి చెప్పి పోవచ్చుగా!"

"నీకెందుకు చెప్పాలి?"

"నువ్వొచ్చేదాకా నేను తలుపు వంకే చూస్తూ కూర్చుంటాను కాబట్టి! రోజూ! మూడేళ్లుగా!"

వరండా అంతా వినపడేలా అరిచింది. అరిచాక తనకే తెలిసినట్టుంది, ఏమన్నదో. చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే..." అన్నాను.

"అంటే ఏంటి? బుర్ర లేదా నీకు?" అని విసురుగా వెళ్లిపోయింది.

నాకు భలే కోపం వచ్చింది. ఇంత మాట అనేసి, నాకు జవాబు చెప్పే వ్యవధి కూడా ఇవ్వకుండా పోతుందా?

పట్టీ నా రూమ్మేట్‌కి వచ్చింది. తర్వాతి నంబర్ వాడిదే మరి. ప్రపంచంలో అంతకంటే బద్ధకస్తుడు లేడు, కానీ పట్టీ చేతికి రాగానే వాడికీ కాలర్ లేచింది. నేను ఐదు రోజులు అరగంట ముందే లేచి, పరుగులు పెట్టి, బెల్లుకి ముందే క్లాసులో పడ్డాను. ఆమె రెండో వరసలో తల దించుకుని రాసుకునేది. నేను మాట్లాడదామని వెళ్తే, "ముందు పరీక్షలు రాయి," అనేది. ఆ మాట కూడా కసురుకుంటున్నట్టే అనేది.

ఆరో రోజు, ఆఖరి రోజు, ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. సగం రోడ్లు నీళ్లలో ఉన్నాయి. వ్యాన్ కాలేజీ గేటు ముందుకి వచ్చేసరికి ఎనిమిదీ నలభై ఒకటి. ఇంకా ఆసుపత్రి క్యాంటీన్ మిగిలింది. అక్కడ రోగుల పొద్దుటి తిండి మా బ్రెడ్డే. దింపకుండా వదిలెయ్యలేను. బాబాయ్ ట్రే ఎత్తలేడు. వెళ్తే పది నిమిషాలు లేటు.

గేటు దగ్గర గొడుగు పట్టుకుని ఆమె నిలబడి ఉంది.

"దిగు!" అని అరిచింది.

"దిగలేను! ఆసుపత్రి ఉంది ఇంకా!"

గొడుగు మూసేసి, వ్యాన్ వెనక తలుపు తీసి ఎక్కేసింది. "ఎన్ని ట్రేలు?"

"పన్నెండు. నువ్వెక్కడికి? నీ పతకం ఏం కాను?"

"దిగమన్నానా లేదా!"

"ఒక్క పీరియడ్ పోతే మూడేళ్లూ పోతాయి నీకు!"

"నీకు పోయేదేంటో నాకు తెలుసు, నాకు పోయేదేంటో కూడా తెలుసు. నాది బిళ్ల. నీది చదువు. ఇంకా నిలబడి వాదిస్తావేంటి, మూడు నిమిషాలుంది!" అని రెండు చేతులతో నన్ను కిందకి తోసింది. నిజంగానే తోసింది, బురదలో పడబోయి నిలదొక్కుకున్నాను.

బాబాయ్ అద్దంలోంచి నవ్వాడు. "వెళ్లు బాబూ. పిల్ల గట్టిది."

వ్యాన్ కదిలిపోయింది. నేను ఏడుపో కోపమో తెలియని దానితో పరుగెత్తాను. పందెంలో అలా పరుగెత్తి ఉంటే మొదటి స్థానం వచ్చేది.

బెల్లు మోగింది. రూమ్మేట్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. సార్ కళ్లు మూసుకున్నారు.

"పదిహేడు."

ఎవరూ పలకలేదు. అది ఆమె నంబర్. లీడర్‌గా ఉన్నన్నాళ్లూ తన నంబర్ తను పిలుచుకునేది కాదు, ఊరికే గీత పెట్టేసుకునేది. ఈ ఐదు రోజులూ పిలవగానే పలికింది. ఇప్పుడు క్లాసంతా రెండో వరసలో ఆ ఖాళీ సీటు వంక చూసింది.

"పదిహేడు," అన్నాడు వాడు మళ్లీ. పెన్ను గాల్లో ఆపి నావైపు వంగాడు. "వేసెయ్యనా? ఎవరికి తెలుస్తుంది?"

ఒక్క గీత చాలు. సార్‌కి కనపడదు. క్లాసులో ఒక్కడు కూడా నోరు విప్పడు.

"వేస్తే మనిద్దర్నీ చంపేస్తుంది," అన్నాను. "ఆబ్సెంట్ వెయ్యి."

వాడు వేశాడు. నలభై ఒకటి పిలిచినప్పుడు, "ప్రెజెంట్ సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఎనిమిదీ యాభై ఐదుకి తలుపు దగ్గర అలికిడైంది. జుట్టంతా ముఖానికి అతుక్కుపోయి, చొక్కా చేతులు మోచేతిదాకా మడిచి, రొప్పుతూ నిలబడింది. ఎడమ చేతి మీద ట్రే అంచు గీసిన ఎర్రటి గాటు, అచ్చం నాకు పడేచోటే.

అప్పటిదాకా ఆ తలుపు వంకే చూస్తూ కూర్చున్నానని నాకప్పుడు తెలిసింది.

"లోపలికి వస్తావా, తలుపేసెయ్యమంటావా?" అన్నాను. "జల్లు కొడుతోంది."

క్లాసంతా గొల్లుమంది. ఆమె గుడ్లురిమి చూసి, సార్ తల ఊపగానే వచ్చి, నా పక్కన ఖాళీలో ధబీమని కూర్చుంది.

"ఎవడు ఎక్కమన్నాడు నిన్ను వ్యాను?" అన్నాను గొంతు తగ్గించి. ఇంకా మండుతూనే ఉంది నాకు. "పతకం పోగొట్టుకున్నావు. నాకోసం. నన్ను అడక్కుండా. ఇంకెప్పుడైనా ఇలా చేశావంటే ఊరుకోను. నువ్వంటే నాకు... ప్రాణం పోతుంది తెలుసా, ఆ ఖాళీ సీటు చూస్తుంటే!"

"గట్టిగా మాట్లాడకు, పీరియడ్ జరుగుతోంది." జుట్టు పిండుకుంది. "క్యాంటీన్ వాడు ఖాళీ ట్రే ఒకటి తక్కువిచ్చాడు. పోట్లాడి తెచ్చాను."

"వాడు ఎప్పుడూ ఒకటి నొక్కేస్తాడు. నాకు మూడేళ్లుగా ఇవ్వలేదు."

"నువ్వు సరిగ్గా అడిగి ఉండవు." అంతలో రూమ్మేట్ ముందున్న పట్టీ వైపు మెడ చాచి చూసింది. "నాకేం వేశారు?"

"ఆబ్సెంట్."

"ఎవరు వెయ్యమన్నారు?"

"నేనే."

ఆమె మూడేళ్లలో మొదటిసారి నా ముందు నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. నేను జేబులోంచి నలిగిన ప్యాకెట్ తీశాను. మిగిలిన ఒక్క ప్లాస్టర్‌ని, విసరకుండా, ఆమె చేతికి ఇచ్చాను.

"అంటించు," అంది చెయ్యి చాపి. "నాకు ఒంటి చేత్తో రాదు."