జులైలో పచ్చతల బాతు

ప్రొఫెసర్ ముఖీత్‌ను సాయంత్రం ఆరు గంటలకు చంపబోతున్నారు. ఎలా అన్నదే తెలియదు.

రూవిలోని ఒక ఫొటో స్టూడియో. డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు వెలుగుతోంది. పైకి అజ్మత్ ఆ స్టూడియో ఓనరు. అసలు పని వేరు. మస్కట్‌లో భారత గూఢచారులకు అతనే చీఫ్.

"రాడార్ ఫార్ములా ఆయన తలల ఉంది, కాగితం మీద లేదు. రేపు పొద్దున ఫ్లైట్ల హైదరాబాద్ పోతుండు. ఆయన్ను చంపాలని చూస్తున్న ముఠాకు ఇయ్యాల ఒక్కరోజే," అన్నాడు అజ్మత్.

"ఇవాళ్టికి పార్కు మానెయ్యమని చెప్పకపోయారా?"

"చెప్పిన. బాతులకు రొట్టె వెయ్యకుండ ఎట్ల పోత అన్నడు. జిద్దు మనిషి."

ఏజెంట్ ఆనందబాబు నవ్వలేదు. కొల్లేటి పక్కన బాతుల్ని కాసి పెరిగినవాడు. మాట తక్కువ. ఏడాదిగా పైకి అతని వేషం, ఖురమ్ పార్కు చెరువు దగ్గర బాతుల క్లోజప్ పోర్ట్రెయిట్లు తీసే ఫొటోగ్రాఫర్.

"సెలిన్ కబురు పెట్టింది. షూటర్ గేటు కాడికెల్లి వస్తడట. నీ కన్ను గేటు మీదనే ఉండాలె."

సెలిన్ ఆ ముఠాలో వీళ్లు పెట్టుకున్న మనిషి. ఎక్కడ నిలబడితే అక్కడ నలుగురు తిరిగి చూస్తారు.

ఐదూ నలభై. పార్కులో ఎండ తగ్గినా నేల సెగ తగ్గలేదు. గాలి ఆగిపోయింది. మాలి వేషంలో అజ్మత్ గొట్టంతో గడ్డి తడుపుతున్నాడు. నీడలో బెంచీ మీద సెలిన్. లిప్‌స్టిక్ అంచు కూడా చెదరలేదు.

"ఫిల్ము ఎంత మిగిలిందండీ?" అంది. కోడ్ మాట.

"ఒక్క ఫ్రేమ్."

"గేటు చూడండి బాబుగారూ. బాతులెక్కడికీ పోవు."

గేటునే చూస్తూ నిలబడే ఫొటోగ్రాఫర్‌ని ఎవరైనా అనుమానిస్తారు. ఆనందబాబు మోకాళ్ల మీద కూర్చుని టెలీ లెన్స్ నీళ్లవైపు తిప్పాడు.

బాతులన్నీ కళ తప్పి ఉన్నాయి. ఆషాఢం ఎండలకి మగబాతు తలమీద పచ్చ ఈకలు రాల్చేసి ఆడబాతులాగే మట్టిరంగుకి వస్తుంది. మళ్లీ పచ్చబడేది చలి మొదలయ్యాకే.

ఒక్కదాని తల మాత్రం పచ్చగా నిగనిగలాడుతోంది.

ఫోకస్ బిగించాడు. ముక్కుకి ఎడమపక్క చిన్న నొక్కు. ఆ నొక్కు అతనికి తెలుసు. జనవరిలో ఆ బాతును తీశాడు. లెన్స్ గట్టువైపు జరిపాడు. అదే నొక్కున్న బాతు మట్టిరంగు తలతో గట్టుమీద కునుకుతోంది.

ఒకే నొక్కుతో రెండు బాతులు.

జనవరి ఫొటో చూసి ఎవరో బొమ్మ చేశారు. ఆ ఫొటోకి తను వేసింది ఒకటే ప్రింటు. ముచ్చటగా ఉందని అడిగి పట్టుకెళ్లింది సెలిన్.

ఐదూ యాభై ఎనిమిది. ముఖీత్ నీటి అంచున వంగి ఖుబూస్ రొట్టె తుంచుతున్నాడు. బాతులు కొట్టుకుంటూ వస్తున్నాయి. వాటి వెనక, కాళ్లు ఆడించకుండా, పచ్చతల నెమ్మదిగా జారుతూ వస్తోంది.

గేటు చూడమన్న సెలిన్ గేటు చూడటం లేదు. పౌడర్ డబ్బా తెరిచి, అద్దంలోంచి చెరువు చూస్తోంది. బొటనవేలు అద్దం కింద చిన్న బటన్ మీద ఉంది.

అరిస్తే నొక్కేస్తుంది, బాతు పేలుతుంది. ఆనందబాబు లేచి, తీరిగ్గా నాలుగడుగులు నడిచాడు.

"మిగిలిన ఫ్రేమ్ మీకేనండి. ఇటు చూడండి."

చూసింది. మూరెడు దూరంలో ఫ్లాష్ పేలింది. కళ్లు మూతపడ్డాయి, బొటనవేలు కదిలింది. అది దిగేలోపు బటన్‌కీ ఆ వేలికీ మధ్య అతని వేలు అడ్డంగా దూరింది. ఆమె గోరు ఎముకదాకా దిగబడింది. అతను వేలు తియ్యలేదు. రెండో చేత్తో డబ్బా లాక్కున్నాడు.

అజ్మత్ గొట్టం వదిలేసి వచ్చి ఆమె రెండు చేతులూ వెనక్కి విరిచిపట్టాడు.

"ఎలా తెలిసింది?" అంది సెలిన్.

"ఈ ఎండలో రంగు చెదరనివి పార్కులో రెండే కనిపించాయండి. ఒకటి నీళ్లలో ఉంది."

ముఖీత్ చేతిలో రొట్టెముక్కతో ఇటు తిరిగాడు. పచ్చతల అతని కాళ్లకు బారెడు దూరంలో ఆగి ఉంది.

"మియా, గీ ఒక్కటి రొట్టె ముడుతలేదు. బీమార్ ఉన్నదా ఏంది?"

ఆనందబాబు నెత్తురోడుతున్న వేలు జేబులో పెట్టుకున్నాడు.

"లేదు సార్. దానికి కడుపు నిండా పెట్టే పంపారు. మీరు మెల్లగా ఇటొచ్చెయ్యండి."