ఆపరేషన్ మూడుపాయల జడ

శామ్యూల్ రాజ్ గారికి పొద్దున్నే మంగినపూడి బీచ్‌లో నడవడం అలవాటు. ఆ ఆదివారం నడక సగంలోనే ఆగిపోయింది. ఇసుకలో బోర్లా పడి ఉన్నాడు మహానుభావుడు. మెడ వెనక దోమ కుట్టినంత గుర్తు. చూసినవాళ్లంతా గుండెపోటన్నారు. పోస్ట్‌మార్టమ్ చేసిన డాక్టరు మాత్రం ఆ మాట అనలేదు.

సాయంత్రానికల్లా గుడివాడ బస్టాండు ఎదుట టిఫిన్ సెంటర్లో ఏజెంట్ శశిధర్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా అతని చీఫ్ శోభనాద్రి గారు పెసరట్టు తుంచుతున్నాడు. చూస్తే ధాన్యం కమీషన్ వ్యాపారి అనుకుంటాం. ఆ బొజ్జలో ఎన్ని రహస్యాలు అరిగాయో ఆయనకే తెలియాలి.

"కొల్లాజెన్ అంటే తెలుసా?"

"మొహానికి రాసుకునే క్రీముల్లో వేస్తారండీ."

"మీ ఆవిడ డ్రెస్సింగ్ టేబుల్ దగ్గరే ఆగిపోయావు. విను."

ఆయన చెప్పిందేమిటంటే, మన ఒంట్లో కణాలు గాల్లో వేలాడవు. వాటి చుట్టూ ఓ అల్లిక ఉంటుంది. మాట్రిక్స్ అంటారు డాక్టర్లు. బీరపాదుకి పందిరి ఎలాగో కణాలకి అది అలాగ. ఆ పందిరికి కట్టిన తాళ్లే కొల్లాజెన్. మూడు పోగులు కలిపి ఆడపిల్ల జడలా బిగించి అల్లిన ప్రోటీను. ఒళ్లు బాగా కాలితే పందిరితో సహా కాలిపోతుంది. ఇక కొత్త చర్మం దేన్ని పట్టుకుని పాకుతుంది పాపం. అందుకే ఆ పొద్దున పోయిన శామ్యూల్ రాజ్ గారు నాగాయలంకలో తన ల్యాబ్‌లో చేప పొలుసు నుంచి ఈ జడలు తీసి జెల్ చేశాడు. చల్లగా తెచ్చి గాయం మీద పరిచి, నీలం లైటు వేస్తే పందిరిలా బిగుస్తుంది.

బందరు ఆస్పత్రిలో హర్షిణి అని పన్నెండేళ్ల పిల్ల ఉంది. రొయ్యల చెరువు గట్టు మీద జనరేటర్ డీజిల్ అంటుకుని వీపంతా కాలింది. తీసి అతికించడానికి చాలినంత మంచి చర్మం మిగల్లేదు. ఈ జెల్ తప్ప దారి లేదని పెద్ద డాక్టర్లు తేల్చేశారు.

"విదేశీ ముఠా ఒకటి దిగింది. ఇక్కడ వాళ్ల మనిషి కోడ్ నేమ్ కత్తెర," అన్నాడు శోభనాద్రి గారు. "వాళ్ల దగ్గర కొల్లాజినేజ్ అని ఎంజైమ్ ఉంది. జడని నడిమికి కోస్తుంది. జెల్‌లో కలిపారంటే ఆ పిల్లకి మిగిలిన కండ కూడా వదులైపోతుంది. మొదటి పేషెంటే పోతే ఇక మన జెల్ ఎవడు ముట్టుకుంటాడు? వాళ్లు అమ్మే విదేశీ జెల్లే గతి. నాగాయలంకనుంచి జెల్ ఉన్న ఐస్‌బాక్స్ బందరుకి నువ్వు తేవాలి. నీకు తోడు మన ఇంద్రజ."

శశిధర్ గళ్ల లుంగీ కట్టి, నెత్తికి తుండు చుట్టి, ఐస్ వ్యాను డ్రైవరుగా నాగాయలంక చేరాడు. ల్యాబ్ గేటు దగ్గర గుర్తుమాటగా "పులుసు రాత్రిదా?" అని అడిగితే లోపల్నించి ఆడగొంతు "పొద్దుటిదే, ముక్క విడలేదు" అంది. ఇంద్రజ. చిలకలపూడి గిల్టు గాజులు మోచేతిదాకా. నర్సు డ్రెస్సు వేసుకున్నా సినిమాకి బయల్దేరినట్టుండే మనిషి.

మర్నాడు ఎండెక్కకముందే ఐస్‌బాక్స్‌తో బయల్దేరారు. పులిగడ్డ వంతెన దాటాక ఓ కొట్టు దగ్గర ఆపించి, టీ తనే తెచ్చింది ఇంద్రజ. ఇంటి మనిషిలా అందిస్తే ఎవరు మాత్రం కాదంటారు. సగం గ్లాసు తాగేసరికి అతని చేతులు స్టీరింగ్ మీదనుంచి జారిపోయాయి. కళ్లు కనిపిస్తున్నాయి, చెవులు వినిపిస్తున్నాయి, నాలుక మాత్రం చెక్కముక్క అయిపోయింది. ఆమె ఓ గాజు మెలితిప్పింది. లోపల సన్నటి సూది. బాక్స్ తెరిచి, జెల్ ప్యాకెట్టు మూతలోకి గుచ్చి తీసింది.

"కత్తెర నేనేనండీ," అంది, పిల్లాడికి చెప్పినట్టు మెల్లగా. అతని సెల్లు తీసుకుంది. చొక్కా మీద చీప్ లిక్కర్ సీసా వంపింది. వెనకే వచ్చిన కారెక్కి, బాక్స్ ఒళ్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

శశిధర్ ఎలా లేచాడో, ఏ ఆటో వాణ్ణి ఎలా బతిమాలుకున్నాడో అతనికే గుర్తులేదు. బందరు ఆస్పత్రి మెట్లు పాకుతూ ఎక్కాడు. బర్న్స్ వార్డు అద్దాల తలుపు దగ్గర సెక్యూరిటీ వాడు రెక్క పట్టుకున్నాడు.

"ఏంటి బాబాయ్, పొద్దున్నే ఇంతేశావా? పోనీ ఎవరన్నా ఉన్నారా లోపల, మీవాళ్లు?"

ప్యాకెట్‌లో విషం ఉందని చెప్పబోతే నోట్లోంచి నురగొచ్చింది. జేబులో ఐడీ కార్డు చూపిద్దామంటే వేళ్లు వంగడం లేదు. తలతో అద్దాన్ని కొట్టాడు. ఇంకొకడొచ్చి రెండో రెక్కా పట్టుకున్నాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఎక్కని గోడ లేదు, దూకని రైలు లేదు. ఒక్క మాట పలకలేక, అద్దం ఇవతల నిలబడి ఏడ్చాడు.

అద్దం అవతల అంతా సినిమాలా కనిపిస్తోంది. హర్షిణి బోర్లా పడుకుని వణుకుతోంది. చర్మం పోయిన ఒంటికి చలి ఆగదు మరి. పక్కన నాయనమ్మ నాంచారమ్మ, కోడూరు మనిషి. ఇంద్రజ ప్యాకెట్టు తీసి ట్రేలో పెట్టి, డాక్టరు గారు చేతులు కడుక్కుని వచ్చేదాకా చూస్తూ ఉండమని ఆవిడకి అప్పజెప్పి బయటికొచ్చింది. శశిధర్ పక్కనుంచే నడిచింది.

"పాపం, ఇంటికి పంపించెయ్యండి ఆయన్ని," అని సెక్యూరిటీకి చెప్పి మరీ మెట్లు దిగింది.

నాంచారమ్మ ప్యాకెట్టు మీద చెయ్యేసి చూసింది. మంచుగడ్డ. మనవరాలికేసి చూసింది. కాన్పయినా, కాక తగిలినా, దీవిసీమలో జబ్బు మనిషి ఒంటికి చల్లటిది తగలనివ్వరు. చద్ది పులుసైనా వెచ్చబెట్టే పెడతారు. అటూ ఇటూ చూసి, హార్లిక్స్‌కని ఫ్లాస్కులో తెచ్చుకున్న మరిగే నీళ్లు స్టీలు గిన్నెలో పోసి, ప్యాకెట్టు నిలువునా ముంచి మూతపెట్టింది.

శశిధర్ అద్దానికి నుదురు ఆనించాడు. అంత వేడికి ఎంజైమ్ చస్తుంది. జడలూ విడిపోతాయి, జెల్ నీళ్లవుతుంది. ఆ సంగతి బందరు మొత్తానికి ఆ క్షణంలో తెలిసినవాడు తనొక్కడే, తనకేమో నోరు లేదు. డాక్టరు అడుగులు వినబడ్డాయి. ముసలమ్మ గబగబా ప్యాకెట్టు తీసి చెంగుతో తుడిచి, ఏమెరగనట్టు ట్రేలో పెట్టేసింది.

డాక్టరు మూత తెంపాడు. పిల్ల వీపు మీదికి వంగాడు. ప్యాకెట్టు వంచబోతే, మీగడలా జారవలసింది గంజిలా తొణికింది. చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఇదేంటి నీళ్లలా ఉంది? ఎవరు ముట్టుకున్నారు?"

"పిల్ల గజగజలాడుతుంటే మంచు పూస్తారా నాయనా," అంది నాంచారమ్మ. "కాస్త వెచ్చబెట్టా. తప్పా?"

డాక్టరు తిట్టిన తిట్లు అద్దం ఇవతలికి కూడా వినిపించాయి. ప్యాకెట్టు ల్యాబ్‌కి పోయింది. అందులో చచ్చిన ఎంజైమ్ బయటపడింది. నాగాయలంకనుంచి పోలీసు కాపలాతో ఇంకో బాక్స్ వచ్చి, ఆ రోజే పిల్ల వీపు మీద పందిరి పడింది. నాలుగు రోజులకి కొత్త చర్మం అంచుల్లో పాకడం మొదలెట్టింది. ఇంద్రజ మటుకు దొరకలేదు.

నాలుక తిరిగాక శశిధర్ ఫోన్‌లో చీఫ్‌కి జరిగిందంతా చెప్పాడు.

"ఇంతకీ నువ్వేం చేశావు?"

"ఏం చెయ్యలేదండీ. అద్దంలోంచి చూశాను."

ఆస్పత్రివాళ్లు ఊరుకోలేదు. పేషెంటు బంధువులు మందులు ముట్టుకోరాదని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి, హర్షిణి మంచం పక్కనే కొట్టారు. నాంచారమ్మకి చదువు రాదు. మేకు బాగుందని తడి తువ్వాలు దాని మీద ఆరేసుకుంది.