చలువ తెర కింద చేపలు

పూర్వం తుఫాను హెచ్చరిక రాగానే నీలాలపేట జనం పిల్లల్నీ కోళ్లనీ చంకనెత్తుకుని షెల్టరుకు పరుగెత్తేవారట. 2083లో మాత్రం హెచ్చరిక వింటే పడవల్లోకి ఐసు ఎత్తుతున్నారు. షెల్టరును పెళ్లిళ్లకు అద్దెకిస్తున్నారు. అంతా చలువ తెర పుణ్యం.

చలువ తెర అంటే గుడ్డ తెర కాదు. తుఫాను వచ్చే దారిలో, నడిసముద్రంలో, తేలే డ్రమ్ములకు వేలాడదీసిన వేలాది పొడవాటి గొట్టాలు. ఇంజనీర్లు కూలింగ్ కర్టెన్ అంటారు. తుఫానుకు తిండి వెచ్చటి నీరు. ఈ గొట్టాలు అలల బలంతోనే లోతుల్లోని చల్లటి నీటిని పైకి తోడి, పైనున్న వేడి నీటిని కిందికి తోసేస్తాయి. తిండి దొరకని తుఫాను నీరసించి, గట్టు చేరేసరికి వట్టి వానగా మిగులుతుంది. తుఫాను ముందు ఈ గొట్టాలను నడపడాన్ని తెర ఎత్తడమనీ, ఆపడాన్ని దించడమనీ అంటారు.

అయితే చల్లటి నీటితో పాటు సముద్రం అడుగునున్న ఎరువులాంటి సత్తువా పైకొస్తుంది. దానికోసం కానాగంతలు, వంజరాలు లాంటి చేపలు గుంపులుగా తెర దగ్గర మూగుతాయి. వాటి వెనకాలే పడవలు. మనుషుల్ని సముద్రం నుంచి కాపాడాల్సిన యంత్రం, సరిగ్గా తుఫాను ముందు వాళ్లని సముద్రంలోకి పిలుస్తోందన్నమాట. దీన్ని గీసిన మహానుభావులకు ఈ సంగతి తట్టలేదు. వాళ్లలో ఎవరూ వేట చేసే ఇంట్లో పుట్టినవాళ్లు కారు.

తెర కేంద్రం అధికారిణి డాక్టర్ చోడిపల్లి నూకరత్నం మాత్రం అలాంటి ఇంట్లోనే పుట్టింది. మళ్లీ తుఫాను ముంచుకొచ్చిన ఉదయం ఆమె తమ్ముడు ఎల్లాజీ తెర దగ్గరే వల వేసి ఉన్నాడు.

ఈసారి తుఫాను లెక్కకు లొంగలేదు. తెర ఎత్తినా బలం తగ్గకపోగా పెరుగుతోంది. భూమి వేడెక్కుతోంది కదా, ఇందులో వింతేముందని సహాయకుడు ఇర్ఫాన్ వాదించాడు. ఆ వేడిని ఎప్పుడో లెక్కలో వేశామని, ఇది వేరే వేడి అని నూకరత్నం పట్టుబట్టింది. చల్లగా ఉండాల్సిన లోతుల్లో నీరు గోరువెచ్చగా ఉంది. మన గొట్టాలు దాన్నే పైకి తోడి తుఫానుకు వడ్డిస్తున్నాయా అని ఇర్ఫాన్ భయపడ్డాడు. అంత లేదని, తెర ఇంకా కొంత మేలే చేస్తోందని చెప్పింది ఎరుక. కేంద్రంలో వాతావరణం లెక్కలు కట్టే యంత్రం పేరది.

"ఈ వేడి ఇక్కడిది కాదు," అంది ఎరుక. "ఎక్కడిదో తేల్చాలంటే అవతలి తీరం వారి కొలతలు కావాలి. అడిగాను. వారింకా ఇవ్వలేదు."

కారణం తర్వాత చూసుకోవచ్చు, ముందు పడవలు వెనక్కి రావాలి. కానీ పిలుద్దామంటే ఒక్కరూ పలకరు. చేపల జాడ పక్క పడవకు తెలియకూడదని వేట దగ్గర అందరూ వైర్‌లెస్ ఆపేసుకుంటారు. అది ఆ పేటలో తాతల నాటి ఆనవాయితీ.

తెర ఆపితే చేపలు చెదిరిపోతాయి, చేపలు పోతే పడవలు తిరిగొస్తాయి. కాని ఆ కాస్త సేపట్లో తుఫాను మరింత బలుస్తుంది, పోటు పేటలోకి వస్తుంది అని ఎరుక తేల్చి చెప్పింది.

"ఇళ్లు పోతాయి మేడం," అన్నాడు ఇర్ఫాన్.

"మనుషులుంటే ఇళ్లు కట్టుకుంటారు. నువ్వెళ్లి షెల్టరు తెరిపించు."

"అక్కడ పెళ్లి జరుగుతోంది."

"మంచిదే. వంటలుంటాయి. పేటంతటినీ పెళ్లికి పిలవమను."

ఆమె తెర ఆపేసింది. మైకు పట్టుకుని వీధి వీధీ తిరిగింది. కదలం అన్నవాళ్లని బతిమాలింది, తిట్టింది, ఒక ముసలమ్మను మంచంతో సహా మోయించింది. మధ్యాహ్నానికి పడవలు ఒక్కొక్కటే తెరను శాపనార్థాలు పెడుతూ గట్టుకొచ్చాయి. ఎల్లాజీ దిగాడు కానీ అక్క ముఖం చూడలేదు. ఆమె చివరి పడవ వచ్చేదాకా ఇసుకలోనే నిలబడి, అప్పుడు తెర మళ్లీ ఎత్తమంది.

సాయంత్రం తుఫాను తీరం దాటింది. గట్టు పక్క ఇళ్ల వరుసలు ఊడ్చుకుపోయాయి. ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు.

వాన వెలిశాక షెల్టరులోనే సభ పెట్టారు. తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్లింది నూకరత్నం. పేట పెద్ద సూరాడ చిన్నప్పన్న దండం పెట్టి, వేరే మాట ఎత్తాడు.

"తెర ఇక దించకమ్మా. ఏడాది పొడుగునా ఎత్తీసి ఉంచు. ఇళ్లు పోతే పోనాయి, సేపలుంటే మళ్లీ కట్టుకుంటాం."

ఆమె ఓపిగ్గా చెప్పింది. కిందికి తోసిన వేడి మాయమైపోదు. అడుగు ప్రవాహాలతో సాగి సాగి ఇంకెక్కడో పైకి లేస్తుంది, అక్కడివాళ్ల తుఫాను దాన్ని తిని బలుస్తుంది. తుఫాను ముందు నాలుగు రోజులైతే పరవాలేదు, ఏడాదంతా అయితే ఘోరం.

"ఎక్కడ లేస్తాది?" అని అడిగాడు ఎల్లాజీ.

"చెప్పలేంరా. ఏ అవతలి తీరంలోనో."

"మన మీద కాదు గదా," అన్నాడు. సభలో చాలా తలలు ఊగాయి.

అప్పుడే ఆమె చేతిలోని ఫోన్లోంచి ఎరుక పలికింది. అవతలి తీరం కొలతలు అందాయట. నూకరత్నం అందరికీ వినబడేలా చెప్పమంది.

"వారు తమ చలువ తెరను వేసవి నుంచి దించలేదు. మన తుఫానును పెంచిన వేడి అక్కడిదే."

"ఎందుకు దించలేదు?" అని అడిగింది నూకరత్నం.

"అక్కడి జాలర్లు దించొద్దన్నారు. చేపలు బాగా పడుతున్నాయని."

చిన్నప్పన్న ముఖం కోపంతో ఎర్రబడింది. "ఆళ్ల కడుపు కోసం మన కొంపలు ముంచీసినారా? ఆళ్లు మనుసులేనా?" అన్నాడు. ఆడవాళ్లు ఏడ్చారు, మగవాళ్లు పళ్లు నూరారు. ఇంత నష్టం పోయి ఈ ఒక్క ముక్కైనా బోధపడింది కదా అని నూకరత్నం ఊపిరి పీల్చుకుంది.

చిన్నప్పన్న కళ్లు తుడుచుకుని, స్థిరంగా అన్నాడు. "ముందు ఆళ్లని దించమనమ్మా. ఆళ్లు దించీవరకు మనదీ దించొద్దు."

"అవును," అన్నాడు ఎల్లాజీ అందరికన్నా గట్టిగా.

"ఎవరో ఒకరు ముందు దించాలి బాబాయ్," అని, నూకరత్నం వాళ్ల ఎదుటే ఎరుకకు తెర దించమని చెప్పింది.

ఆ రోజు నుంచి తమ్ముడు ఆమెతో మాట్లాడడం మానేశాడు. ఆమెకు అది చాలా బాధగానే ఉంది. తుఫాను లేనిదే తెర మాత్రం ఎత్తలేదు.