సినిమా ఎలా ఉంది, అత్తయ్యా?

మా అత్తయ్య నోట ఒక మంచిమాట వినాలంటే ఇంకో జన్మెత్తాలి. పెళ్ళయి ఇంట్లో అడుగుపెట్టిన రోజే నా నడక చూసి, "ఈ పిల్ల కాళ్ళకి ఇటుకలు గానీ కట్టారా?" అని అడిగిన మనిషి. కూరలో ఉప్పు ఎక్కువైతే తిట్టేది. సరిపోతే, "ఇవాళ ఎవరింట్లోంచి తెచ్చావ్?" అనేది. ఆవిడకి ఈ లోకంలో ఇష్టమైన పని ఒక్కటే, సినిమా చూసొచ్చి దాన్ని దుమ్మెత్తిపొయ్యడం.

మా బతుకుతెరువు కూడా సినిమాల చుట్టూనే. కొత్త బొమ్మ విడుదలైన రోజు హాలు బయట నిలబడి, చూసొచ్చినవాళ్ళ ముందు మైకు పెట్టి "సినిమా ఎలా ఉందండీ?" అని అడగడం నా పని. కెమెరా మా ఆయనది. ఆ వీడియో ఎవరు ముందు పెడితే జనం వాళ్ళదే చూస్తారు. ఆట అయ్యేదాకా ఆగితే పక్క చానళ్ళవాళ్ళు తన్నుకుపోతారు. అందుకని మేం ఒక ఉపాయం కనిపెట్టాం. లోపలికి వెళ్ళబోయేవాళ్ళనే బయటికొచ్చే ద్వారం పక్కన గోడకి నిలబెట్టి, జుట్టు కాస్త చెరిపి, చూసొచ్చినట్టు చెప్పించేవాళ్ళం.

మాటలు నేనే కూర్చాను. "చాలా బాగుంది. కళ్ళార్పకుండా చూశాం. ఇంటిల్లిపాదీ వచ్చి చూడండి." ఏ సినిమాకైనా ఇవే. మైకు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి కూడా మా ఆయన రోజూ ఇవే పలికేవారు. ఎవరి కొంపా ముంచని అబద్ధమే కదా అనుకున్నాం.

ఆ రోజు బొమ్మ జాంబీలది. లోకమంతా నాశనమయ్యాక మిగిలిన ఒక్క ఊరిమీదికి శవాలు లేచి వస్తాయి. పోస్టరు నిండా బూడిదరంగు ముఖాలు, తెరుచుకున్న నోళ్ళు. మబ్బు పట్టిన పొద్దున కావడంతో మొదటి ఆటకి జనం పల్చగా ఉన్నారు. చూస్తానని అత్తయ్య కూడా మాతో వచ్చింది.

నాకు వారం రోజులుగా పొద్దున లేస్తే కడుపులో తిప్పుతోంది. హాలు వెనక కుళాయి దగ్గర కక్కుకుని వచ్చాను. "కనపడ్డ గడ్డీ గాదం తినకంటే వింటేగా," అని అత్తయ్య అక్కడ కూడా వదల్లేదు. అంటూనే నీళ్ళ సీసా మూత తీసి నా చేతిలో పెట్టింది.

దొరికిన నలుగురైదుగురితో చెప్పించాం. వాళ్ళలో మా వీధి చివర మందుల షాపాయన కూడా ఉన్నాడు. ఇంకొక ముఖం ఉంటే బాగుండునని మా ఆయన తల్లివైపు చూశారు.

"చూడకుండా బాగుందని ఎలా చెప్పన్రా?" అంది ఆవిడ. "చూశాక అసలు చెప్పను."

"ఒక్క ముక్కమ్మా. నా కోసం."

"ఎలా చెప్పాలో నేను చూపిస్తాను అత్తయ్యా," అని గోడ పక్కన నిలబడి, కెమెరాలోకి చూస్తూ ఆ మూడు ముక్కలూ చెప్పాను. ఆవిడ పెదవి విరిచింది. కానీ కొడుకు ముఖం చూసి, మందు మింగినట్టు గబగబా అప్పజెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

ఆట అయ్యాక మేం చెప్పించనివాళ్ళు ముందు బయటికొచ్చారు. "పరిగెత్తే శవాలేంట్రా బాబూ," అని ఒకడు, "రెండో సగం సాగదీశాడు," అని ఇంకొకడు, మెట్లమీదే వాదించుకుంటూ వెళ్ళిపోయారు. మేం చెప్పించినవాళ్ళు చివర్న వచ్చారు. ఒకళ్ళ వెనక ఒకళ్ళు, తొందర లేకుండా, మాటా పలుకూ లేకుండా. మందుల షాపాయన నన్ను చూసి ఆగాడు. నా చేతిలో మైకు లేదు.

"చాలా బాగుంది. కళ్ళార్పకుండా చూశాం. ఇంటిల్లిపాదీ వచ్చి చూడండి."

"అయిపోయిందండీ, కెమెరా కట్టేశాం," అని మా ఆయన నవ్వారు. షాపాయన మళ్ళీ అదే చెప్పాడు. అదే గొంతు. అదే చోట ఆగడం. చెప్పి వెళ్ళిపోయాడు.

అత్తయ్య అందరికన్నా ఆఖరున వచ్చింది. దర్శకుడి ఏడు తరాలనీ కడిగేస్తుందని చెవులు సిద్ధం చేసుకుని, "సినిమా ఎలా ఉంది, అత్తయ్యా?" అని అడిగాను.

"చాలా బాగుంది," అంది.

మొదట్లో మా ఆయన మురిసిపోయారు. "మా అమ్మ మారిందే," అన్నారు. నాకు మాత్రం నమ్మకం కలగలేదు. అన్నం మాడ్చి పెట్టాను. కూరలో ఉప్పు గుప్పించాను. ఆవిడ కంచం ముట్టుకోలేదు. కంచంకేసి చూసి, "చాలా బాగుంది," అంది. పోయిన మామయ్యగారి గురించి ఎవరూ అనకూడని మాట ఒకటి అన్నాను. "ఇంటిల్లిపాదీ వచ్చి చూడండి," అంది.

పొద్దంతా కుర్చీలో కూర్చుని ఎదురుగా ఉన్న ఉత్త గోడనే చూసేది, దానిమీద ఏదో ఆడుతున్నట్టు. పాదాలు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. ఒంటినుంచి ఒక వాసన... మూసిన హాల్లో చెమ్మపట్టిన పాత తెరల వాసన. స్నానం చేయించినా పోలేదు. రెప్ప ఎప్పుడు వేస్తుందా అని ఎదురుగా కూర్చుని చూశాను. చూసి చూసి నా కళ్ళకే నీళ్ళు కారాయి.

డాక్టరు నాడి చూశాడు, టార్చి వేసి కళ్ళు చూశాడు. "ఒంట్లో ఎలా ఉందమ్మా?" అని అడిగాడు. చాలా బాగుందంది. "ఆవిడే బాగుందంటుంటే మధ్యలో మీకేంటమ్మా?" అని నన్ను కసిరాడు. వస్తూ దారిలో మందుల షాపు దగ్గర ఆగాం. ఆయన బల్ల వెనక నిలబడి, వచ్చిన ప్రతివాడికీ అదే అప్పజెబుతున్నాడు. ఆయన భార్య షాపు మెట్లమీద తల పట్టుకుని కూర్చునుంది. నన్ను చూసి ఏదో అడగబోయి, నా పక్కనున్న అత్తయ్యని చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ నోరు ఒక్కరోజు మూతపడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇప్పుడు ఒక్క తిట్టు కోసం ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆవిడ లేని ఇల్లు నాకు వద్దు అనిపించింది.

ఇదంతా మొదలైంది అక్కడే కదా అని మర్నాడు హాలుకి వెళ్ళాను. పొద్దుటాటకీ మ్యాట్నీకీ మధ్య హాలు ఖాళీగా ఉంది. చీపురు పట్టుకుని ఊడ్చే ఆమె ఒక్కతే లోపల గొణుక్కుంటోంది.

"ఈ సీట్లకి ఏం రోగమో అమ్మా," అంది. "మనిషి లేవగానే టప్పుమని పైకి మూసుకోవాలి. కొన్ని మూసుకోవట్లేదు. చేత్తో ఎత్తినా మళ్ళీ వాలిపోతున్నాయి. మనిషి బరువున్నట్టు."

ఆమె చెత్తబుట్ట తీసుకుని బయటికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. చీకటి. చెమ్మ వాసన, అత్తయ్య ఒంటిమీది వాసనే. ఎక్కడో నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్న చప్పుడు... కాదు, నీళ్ళు కాదు. గుసగుసలు.

"...ఆ పాప పాత్రని చంపకుండా ఉండాల్సింది..."

"...అన్నయ్య శవమై తలుపు కొడితే తమ్ముడు తియ్యడు చూడు, అక్కడ మా అన్నయ్య గుర్తొచ్చాడు... ఇంటికెళ్ళి వాడికి ఫోన్ చెయ్యాలి..."

"...మొదటి సగం తేలిపోయింది... తేలిపోయింది..."

ఏ సీట్లోనూ ఎవరూ లేరు. వాలి ఉన్న సీట్లలోంచే వస్తున్నాయి మాటలు. పారిపోదామని వెనక్కి తిరిగాను. అప్పుడు చివరి వరసలోంచి...

"ఆ మేకప్పేంటి, పిండిగిన్నెలో ముఖం ముంచినట్టు."

"అత్తయ్యా?"

"మెల్లిగా ఏడు. ఆ కాళ్ళ చప్పుడు వినగానే అనుకున్నాను నువ్వేనని. ఈ జన్మకి కాళ్ళెత్తి నడవడం రాదు నీకు."

వాలిన ఆ సీటు చెయ్యి పట్టుకుని కూలబడ్డాను. "బయటికి రండి అత్తయ్యా. ఇంటికి పోదాం."

"ఎలా రానే? ఒళ్ళు లేచి వెళ్ళిపోయింది, నేను లేవలేదు. ఆట అవగానే తిడదామని నోరు తెరిచాను. నా నోట్లో అప్పటికే ఇంకేదో కూర్చునుంది." అంతలో గొంతు తగ్గించింది. "అది ఏమైనా తింటోందా?"

"లేదు."

"అయితే అబ్బాయిని దాని దగ్గర ఒంటరిగా వదలకు."

ఏం చెయ్యాలో ఆవిడే చెప్పింది. దాన్ని తెచ్చి ఇదే సీట్లో, తన మీదే, మొదట్నుంచి ఆఖరుదాకా కూర్చోబెట్టమంది. "ఏమో... అందుకోగలనేమో," అంది. ఆ గొంతులో భయం నేనెప్పుడూ వినలేదు.

మ్యాట్నీకే తీసుకొచ్చాను. మా ఆయన మమ్మల్ని దింపి, బయటికొచ్చే ద్వారం దగ్గర కాచుకుని ఉంటానన్నారు. ఆ శరీరం పేచీ పెట్టకుండా వచ్చి కూర్చుంది. నేను పక్క సీట్లో కూర్చుని దాని చల్లటి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నా ఎడం పక్క సీటు ఖాళీ. దీపాలు ఆరిపోయాయి.

శవాలు తెర నిండా వచ్చాయి. పరిగెత్తాయి. తలుపులు విరిగాయి. పాప చచ్చిపోయింది. చెయ్యి వదలకూడదు, అంతే అనుకుంటూ కూర్చున్నాను. చూడకూడదని మాత్రం నాకు తట్టలేదు. కాసేపటికి కళ్ళు మండాయి. ఎప్పటినుంచి రెప్ప వెయ్యలేదో... గుర్తు రాలేదు.

దీపాలు వెలిగాయి.

అత్తయ్య శరీరం లేచింది. నా చేతిలోంచి దాని చెయ్యి జారలేదు. కానీ నేను లేవలేదు.

నడవా మీదుగా ఇద్దరాడవాళ్ళు వెళ్తున్నారు. ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని, తొందర లేకుండా. పెద్దావిడ అత్తయ్య. రెండో మనిషి కట్టుకున్నది నా చీర.

"నువ్వెందుకు చూశావే?" పక్కనుంచి అత్తయ్య గొంతు. "ఆ మాటలు నాకు చెప్పి చూపించింది నువ్వే కదటే... నాకూ తట్టలేదు. పాపిష్టిదాన్ని, నాకూ తట్టలేదు."

ద్వారం అవతల మా ఆయన గొంతు. "అమ్మ... ఎలా ఉంది?"

"చాలా బాగుంది," అంది నా గొంతు. "ఇంటిల్లిపాదీ వచ్చి చూడండి."

అరిచాను. ఊడ్చే ఆమె నా ముందునుంచే చీపురు లాక్కుంటూ వెళ్ళింది. అత్తయ్య ఉన్న సీటు ఎత్తి చూసింది, అది వాలిపోయింది. నా సీటు ఎత్తింది. "ఇది కూడానా," అంది. తరవాత నా ఎడం పక్కది ఎత్తింది. అదీ వాలింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇక్కడెవరూ కూర్చోలేదే..." అనుకుంటూ గబగబా బయటికి నడిచింది.

అది మా ఆయన కోసమే అనుకున్నాను. రోజూ మైకు ముందు ఆయన పలికే మాటలు గుర్తొచ్చాయి. రావద్దు... రావద్దు... అని ఆ గుసగుసల్లో నేనూ గుసగుసలాడాను. ఆట గంట మోగింది. మెట్లమీద చెప్పుల చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలుసు. నా చీర కట్టుకున్నది ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది, ఈ వరసలోకే.

కానీ ఆయన ఆ వాలిన సీట్లో కూర్చోలేదు. దాని అవతలి సీటు చేత్తో కిందికి దించుకుని కూర్చుని, కళ్ళు తుడుచుకుని తెరవైపు చూశారు.

మా ఇంట్లో ఉన్నది మేం ముగ్గురమే.

మా ఇద్దరి మధ్యా వాలి ఉన్న సీట్లోంచి మాటేమీ రావట్లేదు. చెవి పెట్టి విన్నాను. ఊపిరి... చాలా చిన్న ఊపిరి. ఆ పొద్దున కుళాయి దగ్గర కక్కుకున్నది గుర్తొచ్చింది.

"ఇక్కడ ఎవరున్నారు, అత్తయ్యా?" అని అడిగాను.

అన్నిటికీ ఏదో ఒకటి అనే మా అత్తయ్య ఏమీ అనలేదు. దీపాలు ఆరిపోయాయి.