చుక్క లేని ఇల్లు

పెద్ద వంతెన మీదుగా నీళ్లు పారిన వరద వెళ్లాక అది రెండో ఏడు. ఆ ఏడాది ఒక మంగళవారం మధ్యాహ్నం వాచీలు బాగుచేసే మేస్త్రీని ఆయన ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపారు.

ఒకే గుండు. సైలెన్సర్ ఉన్న పిస్టల్. పక్కింటివాళ్లకు కూడా చప్పుడు వినపడలేదు. మేస్త్రీకి డెబ్బై ఏళ్లు. పెళ్లాం లేదు, పిల్లల్లేరు, శత్రువులు అసలే లేరు. పనిలో పెట్టుకునే భూతద్దం ఇంకా కంటికే ఉంది. పక్కన వేడి చల్లారని భోజనం ప్యాకెట్ పడి ఉంది. దాన్ని ఆయన తెప్పించుకోలేదు. తెప్పించుకోవడానికి ఆయన దగ్గర ఫోనే లేదు.

"దొంగల పని కాదిది," అన్నాడు చీఫ్ మర్నాడు పొద్దున బ్రీఫింగ్‌లో. "ఆ గుండు ఎవరిదో మనకు తెలుసు. తోడు ముఠాది. వాచీలు బాగుచేసుకునే ముసలాయనతో వాళ్లకేం పని? సాయంత్రంలోగా తేల్చు, నత్తా."

నత్త అనేది సీక్రెట్ సర్వీస్‌లో అతనికి స్థిరపడిపోయిన పేరు. నిజానికి ఒకచోట కుదురుగా కూచునే మనిషి కాడు. నలభై తొమ్మిదేళ్లొచ్చినా గది ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఆలోచిస్తాడు. కాకపోతే ఏ కాగితమైనా మూడుసార్లు చదివితే గానీ సంతకం పెట్టడు. పేరు అందుకొచ్చింది.

తోడు అంటే యాప్. వరదలో ఎవరు ఎటు పోయారో తెలియక జనం అల్లాడుతున్నప్పుడు ఉచితంగా వచ్చింది. ఫోన్‌లో వేసుకుంటే అయినవాళ్లు ఎక్కడున్నారో మ్యాప్ మీద పచ్చ చుక్కలుగా కనిపిస్తారు. తర్వాత నీళ్లు తీశాయి గానీ యాప్‌ను ఎవరూ తీయలేదు. పెళ్లాలు మొగుళ్లను చూసుకున్నారు, తల్లులు పిల్లలను చూసుకున్నారు, యజమానులు పనివాళ్లను చూసుకున్నారు. వీళ్లందరినీ ఒక విదేశీ ముఠా చూసుకుంది. ఏ మంత్రి ఎవరింటికి వెళ్తున్నాడో, ఏ సైనికుడు ఎక్కడ కాపలా ఉన్నాడో, ఫోన్ పక్కన ఎవరేం మాట్లాడుకుంటున్నారో, అంతా వాళ్ల అరచేతిలోనే.

ఆ సంగతి బయటపెట్టింది యాప్‌ను కట్టిన ఇంజనీరే. తను ఎవరి కోసం పనిచేస్తున్నాడో తెలియగానే వచ్చి లొంగిపోయాడు. తోడును మూసేసే ప్రోగ్రామ్ రాయగలిగింది అతనొక్కడే. మూడు వారాలుగా ఒక సేఫ్ హౌస్‌లో కూచుని అదే రాస్తున్నాడు. ఈ సాయంత్రం ఐదింటికి పూర్తవుతుంది. అందాకా అతను బతికుండాలి.

అతను నత్తకు స్వయానా బావ.

"నీ బావ గురించి బెంగపడకు," అన్నాడు చీఫ్. "ఆ ఇంట్లో గుండుసూదంత సిగ్నల్ కూడా లేదు. పాలవాడైనా సరే, గేటు దగ్గర ఇస్త్రీ బండివాడికి ఫోన్ అప్పజెప్పి లోపలికెళ్లాలి. ఇస్త్రీవాడు మన గార్డే. ఆఫీసులోనూ ఐదు దాకా ఫోన్లన్నీ లాకర్లో. ఏ చెవికీ మనం దొరకం."

నత్త తల ఊపాడు. కానీ కాళ్లు ఆగలేదు.

పనిలోకి దిగేముందు అక్క ఇంటికి ఓసారి వెళ్లాడు. అక్క టైలరు. కుట్టుమిషన్ మీద సూది పక్కనే ఫోన్ నిలబెట్టి, ఒక కుట్టు వేసి ఒకసారి ఫోన్ చూసుకుంటోంది. జాకెట్టు చెయ్యి వంకరగా వస్తోంది.

"ఒరేయ్, మీ బావ చుక్క ఇంకా బూడిదరంగులోనే ఉందిరా."

"ఆఫీసు పని మీద వెళ్లాడు కదక్కా. అక్కడ సిగ్నల్ ఉండదట."

"ఈ రోజుల్లో సిగ్నల్ లేని ఆఫీసేంట్రా? శ్మశానంలో కూడా వస్తోంది." మిషన్ ఆపింది. "నా మొహం చూసి చెప్పు. ఉన్నాడా?"

"ఉన్నాడే."

"నువ్వేమైనా దాచావో, చచ్చావురా నా చేతిలో."

"ఇవాళ రాత్రి భోజనానికి నీ ఎదురుగా కూచోబెడతా. సరేనా?"

నోరు జారింది. సర్వీసులో ఎవరికీ ఏ మాటా ఇవ్వకూడదని రూలు. అక్క అప్పటికే మళ్లీ ఫోన్‌లోకి చూస్తోంది.

మధ్యాహ్నం మూడున్నరకు నత్త పెద్ద బజారులో ఉన్నాడు. వేషం: ఫోన్లకు స్క్రీన్ గార్డులు అతికించేవాడు. మడతబల్ల, తడిగుడ్డ, పొడిగుడ్డ, గార్డుల పెట్టె. ఎదురుగా షోరూంలో కొత్త ఫోన్ విడుదల. జనం పొద్దున్నుంచీ వరసలో నిలబడి, చేతిలోని మంచి ఫోన్లలోనే ఆ కొత్త ఫోన్ బొమ్మలు చూసుకుంటున్నారు. ఏ బండీ ముందుకు కదలడం లేదు.

నల్లకళ్లద్దాలు, ఎర్రటి కోటు, ఎత్తు మడమల చెప్పులు. ఆమె నడిచి వస్తుంటే వరసలోవాళ్లు సైతం ఒక్క క్షణం ఫోన్ల నుంచి తలెత్తారు. తోడు యాప్‌కు ఆ పచ్చ చుక్కలు గీసిన డిజైనర్. ముఠా జీతం తీసుకుంటూ సర్వీసుకు కబుర్లు చెబుతుంది. సర్వీసు కబుర్లు ముఠాకు చెబుతుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు.

"గాజు పగిలితే ఫోన్ బతుకుతుందా?" అంది.

"పగలడానికే కదమ్మా గాజు," అన్నాడు నత్త.

కోడ్ సరిపోయింది. ఫోన్ ఇచ్చింది. నత్త తడిగుడ్డతో తుడుస్తూ, పెదాలు కదలకుండా అడిగాడు. "వాచీల మేస్త్రీని ఎందుకు చంపారు?"

"ఆయన దగ్గర ఫోన్ లేదని."

నత్త చెయ్యి ఆగింది.

"ఊరంతా చుక్కలే," అందామె. "ఇంటికి కనీసం రెండు. బాత్‌రూంలోకీ పట్టుకెళ్తారు. మీరు ఇంజనీరును మాయం చేశాక, మావాళ్లు చుక్కలను వెతకడం మానేశారు. చుక్క లేని ఇల్లు ఎక్కడుందా అని వెతికారు. తాళం వేసినవీ పాడుబడ్డవీ తీసేస్తే, మనుషులుండి చుక్క లేనివి నాలుగే తేలాయి. మొదటిది మేస్త్రీది. తలుపు తీసింది ఇంజనీరు కాదు. కానీ ఆయన మావాడి మొహం చూశాడుగా, వదల్లేదు."

గుండుసూదంత సిగ్నల్ కూడా లేదని చీఫ్ మురిసిపోవడం నత్తకు గుర్తొచ్చింది. ఇంటిని దాచబోయి ఊరందరిలోకీ దాన్నొక్కదాన్నీ చీకటి చేసి చూపించారు.

"మిగతా మూడూ?"

"నాలుగున్నరకు. ముగ్గురు మనుషులు, మూడిళ్లకూ ఒకేసారి. భోజనం డెలివరీ వేషం. అడ్రసులు ఇవి." చిన్న చీటీ బల్ల మీద పెట్టింది. "ఇందులో మీది ఏదో వాళ్లకు తెలియదు. నాకూ తెలియదు."

నత్త చూశాడు. రెండో అడ్రసు. ప్రెస్సు వెనక సందు. బావ ఉన్నది అక్కడే.

టైం మూడు నలభై ఆరు. చీఫ్‌కు చెబుదామంటే ఫోన్లన్నీ లాకర్లో. సేఫ్ హౌస్‌లో ఫోనే లేదు. ఈ జనంలోంచి బయటపడి నడిచి వెళ్లేసరికి గంట. పోలీసులకు చెబుదామంటే చేతిలో ఉన్నది ముఠా ఇచ్చిన ఫోన్, చుట్టూ ఉన్నవాళ్ల ఫోన్లన్నిట్లోనూ తోడే. ఏ ఇల్లో నోటితో చెప్పినా, ఆ మాట వాళ్ల చెవిలో పడుతుంది. బహుశా ఈమె వచ్చిందే అందుకేమో.

నత్త బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంకోసారి తిరిగాడు.

"ఏంటండీ ఈ ప్రదక్షిణాలు?" అందామె.

"భోజనం తెప్పించుకునే యాపులు ఉన్నాయా ఇందులో?"

"ఆరున్నాయి. ఆకలేస్తోందా?"

"మందులవి? పూలవి?"

"ప్లంబర్, జుట్టు కత్తిరించేవాడు, పిల్లికి స్నానం చేయించేవాడు, అన్నీ ఉన్నాయి. పిల్లి లేదు."

"ఆర్డర్లు పెట్టాలి. మూడిళ్లకూ. ఇంటికి ఏడెనిమిది. ప్రతిదాంట్లో ఏదో సూచన రాసే చోటుంటుంది కదా, అక్కడ ఇది రాయాలి: గొడుగు తడిసింది."

ఆమె కళ్లద్దాలు తీసింది. "మూడిళ్లకూనా? నన్ను నమ్మలేదన్నమాట."

"నమ్మితే ఒక్క ఇంటికే పెట్టేవాణ్ని."

ఆమె పకపకా నవ్వింది. నత్త ఒక వేలితో అక్షరాలు వెతుక్కోవడం చూసి ఫోన్ లాక్కుంది. "మీరు టైపు చేసేసరికి కొత్త ప్రభుత్వం వస్తుంది. ఇటివ్వండి." ఆమె బొటనవేళ్లు రెండూ గాజు మీద పరుగెత్తాయి. ఎనిమిది నిమిషాల్లో ఇరవై మూడు ఆర్డర్లు. ఇరవై నాలుగోది బైకు టాక్సీ, నత్త కోసం. సందుగొందుల్లోంచి దూరి వచ్చే బైకు అది. దిగే చోటు మాత్రం మూడిళ్లకూ దారి విడిపోయే చౌరస్తా అని పెట్టించాడు; అక్కణ్నుంచి దారి తనే చెప్తాడు.

"ఈ ఫోన్‌తో ఇవన్నీ పెట్టాక నేను మళ్లీ ఆ ఆఫీసుకు వెళ్లలేను. తెలుసుగా?" అంది.

"తెలుసు. మా ఆఫీసుకు వెళ్లి కూచోండి. కాఫీ బాగుండదు."

బైకువాడికి కంగారన్నది లేదు. హెల్మెట్ ఇచ్చాడు, బెల్టు బిగించాడు, నాలుగు అంకెలు అడిగాడు, యాప్‌లో నొక్కాడు.

"త్వరగా పోనివ్వు బాబూ. ప్రాణం మీదికొచ్చింది."

"అందరూ అదే అంటారు సార్. మ్యాప్ ఇరవై రెండు నిమిషాలంటోంది."

"మ్యాప్ మాట వదిలెయ్."

"మ్యాప్ మాట వదిలేస్తే నాకు దారేం తెలుసు సార్?"

నాలుగు గంటల ఇరవై ఆరు నిమిషాలకు ప్రెస్సు వెనక సందు మలుపు తిరిగారు. సందు నిండిపోయి ఉంది. ఎర్ర చొక్కాలు, పచ్చ చొక్కాలు, వీపున డబ్బా సంచులు. ఒకడి చేతిలో పూలగుత్తి, ఇంకొకడి చేతిలో పైపులు బిగించే రెంచి, పిల్లికి స్నానం చేయించడానికి వచ్చినామె చేతిలో తువ్వాలు. అందరూ గేటు మీద పడి ఒకేసారి అరుస్తున్నారు.

"ఓటీపీ చెప్పండి సార్!"

"ముందొచ్చింది నేనయ్యా, తొయ్యకు!"

"పిల్లి ఏదండీ? నాకింకా రెండు పిల్లులున్నాయి!"

ఇస్త్రీ బండి ఖాళీగా ఉంది. ఇస్త్రీపెట్టె కింద ఎవరిదో చొక్కా మాడి పొగ లేస్తోంది. పక్కన పడి ఉన్న భోజనం ప్యాకెట్ మీద అచ్చయిన చీటీ: 'సూచన: గొడుగు తడిసింది'. సర్వీసు భాషలో దానికి ఒకటే అర్థం. ఉన్నపళాన ఇల్లు ఖాళీ చెయ్యి. ఇస్త్రీ గార్డు చదివాడు. లోపలికి పరుగెత్తాడు.

నత్త ఇంటి పక్క సందులోంచి వెనకవైపుకు పరుగుతీశాడు. ఇనుప మెట్ల మీదుగా గార్డు ముందు, బావ వెనక దిగుతున్నారు. బావ లాప్‌టాప్‌ను చంటిపిల్లలా గుండెకు హత్తుకుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. మెట్ల కింద ఎర్ర చొక్కా డెలివరీ మనిషి ఒకడు ప్యాకెట్ పట్టుకుని నిలబడ్డాడు.

"మీ భోజనం సార్," అన్నాడు వాడు పైకి చూస్తూ.

గార్డు చిరాకుపడ్డాడు. "ఇక్కడెవరూ చెప్పలేదయ్యా. తప్పుకో."

వాడు తప్పుకోలేదు. నత్తకు ఏదో తేడా కొట్టింది. ముందువైపు ఉన్నవాళ్లంతా ఫోన్లలో తల దూర్చి ఉన్నారు. వీడి రెండు చేతులూ ప్యాకెట్ మీదే ఉన్నాయి.

"ఏయ్! ఓటీపీ ఎంత?" అని అరిచాడు.

"అక్కర్లేదు," అన్నాడు వాడు, తిరగకుండానే.

ఓటీపీ అక్కర్లేదన్న డెలివరీ మనిషిని ఆ ఊరు ఎన్నడూ చూడలేదు.

వాడి కుడిచెయ్యి ప్యాకెట్ లోపలికి వెళ్లింది. నత్త భుజాన ఉన్న సంచిలోంచి స్క్రీన్ గార్డుల పెట్టె లాగి, బలమంతా పెట్టి వాడి మణికట్టు మీద కొట్టాడు. నూట యాభై గాజు ముక్కల బరువు. ప్యాకెట్ చిరిగి పిస్టల్ దగ్గింది. గుండు బావ చెవి పక్కనుంచి పోయి గోడ సున్నం రాల్చింది. రెండోసారి పేల్చేలోపు నత్త వాడి మీద పడ్డాడు. ఇద్దరూ దొర్లారు. పిస్టల్ జారింది. మళ్లీ వాడి వేళ్లకు అందబోతుండగా, అరుపులు విని వచ్చిన పిల్లుల ఆమె తువ్వాలుతో సహా వాడి వీపు మీద కూలబడింది.

"ఈ ఆర్డర్లన్నీ పెట్టింది వీడేనా?" అని అడిగింది.

"వీడు కాదమ్మా," అన్నాడు నత్త రొప్పుతూ. "అయినా లేవకండి."

అప్పటికే చుట్టూ అందరి ఫోన్లూ పైకి లేచి వీడియో తీస్తున్నాయి. మిగతా రెండిళ్ల దగ్గరా అంతే. గుమ్మం ముందు ఏడెనిమిది కెమెరాలు చూసి హంతకులు వెనక్కి తిరిగారు. డిజైనర్ చెప్పిన గుర్తులతో చీకటి పడకముందే దొరికిపోయారు.

ఐదు కావస్తుంటే బావ ఆ మెట్ల మీదే కూచుని లాప్‌టాప్ తెరిచాడు. ఒక డెలివరీ మనిషి ఫోన్ నుంచి నెట్ తీసుకున్నాడు.

"బావా, కానివ్వు."

"మా ఆవిడ ఎలా ఉందిరా?"

"వంకర జాకెట్లు కుడుతోంది. ముందు కానివ్వు."

నొక్కాడు. ఊరంతటా పచ్చ చుక్కలు ఒక్కసారిగా ఆరిపోయాయి.

రాత్రి భోజనాల వేళకు నత్త బావను వెంటబెట్టుకుని అక్క ఇంటి తలుపు తట్టాడు. అక్క ఫోన్‌ను చేత్తో కొడుతూనే వచ్చి గడియ తీసింది. తల ఎత్తలేదు.

"ఒరేయ్, కొంప మునిగిందిరా. అన్ని చుక్కలూ పోయాయి. బూడిదరంగుదైనా ఉండేది, ఇప్పుడు మీ బావది అదీ లేదు!"

"అక్కా."

"ఉండరా, ఆపి మళ్లీ వెలిగిస్తా..."

"ఏమేవ్," అన్నాడు బావ.

ఫోన్ నేల మీద పడింది. గాజు పగిలింది. ఎవరూ వంగి తీయలేదు.

మర్నాడు పొద్దున్నే సర్వీసులో కొత్త ఆర్డరు వచ్చింది. ఇకమీదట ప్రతి ఏజెంటూ మామూలు మనిషిలా కనిపించి తీరాలి. అందుకు ఫోన్ ఉండాలి, ఫోన్‌లో ముప్పై యాపులకు తగ్గకుండా ఉండాలి. నత్త ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి సంతకం పెట్టాడు. తర్వాత వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ, రంగురంగుల మిఠాయిలు పేల్చే ఆటతో మొదలుపెట్టాడు. ఆట తెరుచుకోకముందే తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: మీరు ఎక్కడున్నారో మేము తెలుసుకోవచ్చా?

ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆ ప్రశ్న అతన్ని తుపాకీ పెట్టి అడిగారు, కుర్చీకి కట్టేసి అడిగారు. ఇంత మర్యాదగా ఎవరూ అడగలేదు. నత్త కాసేపు ఆలోచించి, 'సరే' నొక్కాడు.