భుజం మీదుగా అరిగిన పాళీ

ఆదివారం పొద్దున్న త్రిస్తాన్ నార్వాహా వీధిలో దొరకని వస్తువు ఈ భూమ్మీద పుట్టలేదు. కోడిపెట్టలు, గొంతు పోయిన రేడియోలు, ఎవరి తాతగారివో కట్టుడు పళ్ళు, పెళ్ళికొడుకుని కత్తిరించేసిన పెళ్ళి ఫొటోలు... అన్నీ నేలమీద దుప్పట్లు పరిచి పెడతారు. మోంతెవిదేయో ఊరంతా వారం పొడుగునా వదిలించుకున్నదంతా ఆదివారం అక్కడే తేలుతుంది. ఆ దేశంలో జూన్ అంటే నడి చలికాలం. ఆ చలికి మనిషి చెవులు ఊడి చేతిలో పడేట్టున్నాయి. అయినా తెల్లారకముందే వచ్చి తిరుగుతున్నాడు విల్మార్ పెదెమోంతె.

విల్మార్‌కి పాత సిరా కలాల పిచ్చి. నోటరీ దగ్గర గుమాస్తాగిరీ చేసి మానేశాక ఆ పిచ్చి ఇంకా ముదిరింది. మంచం కింద కలాలు, బీరువాలో కలాలు, వంటింట్లో చెంచా కోసం చెయ్యి పెడితే కలం. కొత్త కలాలంటే అతనికి ఒళ్ళుమంట. "కొత్తది ఎవరి చేతిలోనైనా రాస్తుంది. అంటే దానికి సిగ్గూ శరమూ లేనట్టు" అనేవాడు. పాత కలం దొరికితే మాత్రం ముందు మూత తీసి వాసన చూస్తాడు, తర్వాత చెవి దగ్గర ఆడిస్తాడు, ఆ తర్వాత భూతద్దం కంట్లో ఇరికించుకుని పాళీ మొన చూస్తాడు. ఆ మొన చూసి, దాన్ని వాడినవాడు కుడిచేతివాడో ఎడమచేతివాడో, నిదానస్తుడో కోపిష్టో, అప్పులున్నవాడో కాదో కూడా చెప్పేస్తాడని బజారంతా అనుకునేవారు.

ఎందుకంటే పాళీ మొన, రాసే చేతికి తగ్గట్టుగా ఒక వాలులో అరుగుతుంది. ఏళ్ళ తరబడి ఒకే చేతిలో అరిగిన పాళీ ఇంకో చేతికి లొంగదు. బలవంతాన రాస్తే ఆ వాలు చెడిపోతుంది. అందుకే కలాలవాళ్ళు ప్రాణమైనా ఇస్తారుగానీ తమ కలం ఇంకొకరి చేతికివ్వరు. విల్మార్ కోటు లోపలి జేబులో అతని సొంత కలం ఒకటుండేది. బూడిదరంగుది, పడుచుతనం నుంచీ అతని చేతిలోనే అరిగినది. తన పెళ్ళినాడు రిజిస్ట్రారు ముందు పెళ్ళికూతురు సంతకం పెట్టడానికి ఆ కలం అడిగితే, "నీది తెచ్చుకోలేదా?" అన్నాడట మహానుభావుడు. ఆ కాపురం ఎన్నాళ్ళు నిలిచిందో వేరే చెప్పక్కర్లేదు. కలం మాత్రం నిలిచింది.

ఆ పొద్దున్న ఒక దుప్పటి మీద, తుప్పుపట్టిన తాళాల మధ్య, నల్లటి లావుపాటి కలం కనిపించింది. గట్టి రబ్బరుతో చేసినది. విల్మార్ మూత తీశాడు. గంధకం వాసన, దాని అడుగున ఇంకేదో... తడిసిన ఉన్ని కోటులాంటి వాసన. భూతద్దం పెట్టాడు. చూశాడు. కలం తిప్పాడు. మళ్ళీ చూశాడు.

"ఇదేంటి..." అన్నాడు.

"ఏమైంది పెద్దాయనా?" అన్నాడు దుప్పటివాడు, మాతే కషాయం పీల్చే గొట్టం నోట్లోంచి తియ్యకుండానే.

విల్మార్‌కి ఉన్న రోగం ఏమిటంటే, తెలిసింది పైకి చెప్పకుండా ఉండలేడు. "ఇది కుడిచేతి అరుగుదల కాదు, ఎడమదీ కాదు. చూడు, కలం ఇలా పైనించి దిగాలి. కూర్చున్నవాడు రాస్తే ఈ వాలు రాదయ్యా. కూర్చున్నవాడి వెనకాల నిలబడి, భుజం మీదుగా వంగి, వాడి చెయ్యి పట్టుకుని రాయిస్తే వస్తుంది."

"పిల్లాడికి అక్షరాలు దిద్దించి ఉంటారు."

"ఎన్నాళ్ళు దిద్దిస్తారు? ఈ మొన మీదిది రాయికన్నా గట్టి లోహం. ఇంతగా అరగాలంటే ఒక జీవితమంతా రాయాలి. ఎవడో జీవితాంతం ఇంకొకడి చెయ్యి వదల్లేదు."

దుప్పటివాడు మాతే గిన్నె కింద పెట్టాడు. "ఆ సామాను ఒక ఒంటరి ముసలాయనది. ఇంట్లో రెండో కప్పు కూడా లేదు. కుర్చీ మాత్రం... బల్లకి పొట్ట నొక్కుకుపోయేంత దగ్గరగా ఇరుక్కుని ఉంది. వెనకాలేమో బోలెడు ఖాళీ. లాగితే రాదే! చివరికి బల్ల పగలగొట్టాం."

విల్మార్ భూతద్దానికి ఆవిరి పట్టింది. తుడుచుకుందామని కలం దుప్పటి మీద పెట్టాడు.

ఆ వీధిలో చట్టం ఒక్కటే. చేతిలో ఉన్నంతసేపూ నీది, కింద పెడితే లోకానిది. విల్మార్‌కి అది తెలియక కాదు. ముక్కుముందు అంత వింత కనిపించేసరికి మతిపోయింది, అంతే. గులాబీరంగు చేతితొడుగు ఒకటి గద్దలా వచ్చి వాలింది.

"ఎంతయ్యా ఇది?" అంది నెల్బా ఎచెనీకె.

నెల్బా విశ్వవిద్యాలయం పట్టాల మీద పేర్లు రాసే ఆవిడ. డాక్టర్లూ వకీళ్ళూ తమ గోడల మీద గర్వంగా వేలాడదీసుకునే ఆ వంకర్లన్నీ ఆవిడ చేతివే. ఆవిడా కలాలు పోగుచేసేది, పాతవీ కొత్తవీ తేడా లేకుండా. ఈ ఇద్దరికీ ఉన్న పగ ముందు కుక్కకీ పిల్లికీ ఉన్నది స్నేహం.

"అది నాది!" విల్మార్ అరిచిన అరుపుకి నాలుగు కోళ్ళు గుడ్లు పెట్టేశాయి.

"నీదైతే నీ చేతిలో ఉండాలి కదా బాబూ. నా చేతిలో ఉందేం?" అప్పటికే డబ్బు ఇచ్చేసింది.

"ఏం చేస్తావు దాన్ని? నీ చేతికి అది రాయదు."

"రాయకపోతే రాయిస్తాను. సన్నటి ఉప్పుకాగితం మీద నాలుగు రుద్దులు. సాయంత్రానికి నా చేతికి తగ్గట్టు కూర్చుంటుంది."

విల్మార్ మొహం పాలిపోయింది. "అరగదియ్యకు. విన్నావా ముసలిదానా? అంత కష్టపడి ఎవరో అందులో చోటు చేసుకున్నారు. అది కాస్తా గీకేస్తే..."

"గీకేస్తే ఎక్కడికి పోతారు, మీ ఇంటికా?" నెల్బా నవ్వింది. "రానీలే. నీకూ ఒక తోడు."

ఆ తర్వాత ఆదివారాల్లో నెల్బా కనిపించలేదు. విల్మార్ పైకి సంతోషించాడు. లోపల మాత్రం ఆ నల్ల కలం అతన్ని నిద్రపోనివ్వలేదు. తినే రొట్టె మీద కూడా ఆ వాలే కనిపించేది.

ఆగస్టు ఆఖర్న, ఏటా ఆ రోజుల్లోనే వచ్చే సాంతా రోసా తుఫాను దిగిన రోజున, ఫోను మోగింది.

"కలం తీసుకుపో" అంది నెల్బా. గొంతు గుసగుసలా ఉంది. "ఇవాళే. నీ కలం కూడా జేబులో పెట్టుకుని రా."

విల్మార్ గొడుగు తిరగబడినా, బూట్లలో చేపలు ఈదేంత నీరు చేరినా ఆగలేదు. కోర్దోన్ పేటలో ఆవిడ ఉండే మేడ. కరెంటు పోయింది. సాయంత్రమే అయినా మెట్లు బావిలా ఉన్నాయి. కింది వాటాలో ఎవరో తుఫాను రోజని పిండివంట వేయిస్తున్నారు. కొవ్వు కాగిన ఆ కమ్మటి వాసన రెండో అంతస్తుదాకా తోడొచ్చింది. మూడో అంతస్తులో... ఆగిపోయింది. అక్కడ ఇంకో వాసన.

తడిసిన ఉన్ని కోటు.

తలుపు తీసే ఉంది.

బల్లమీద ఒక లాంతరు. బల్ల ముందు నెల్బా. కుర్చీ బల్లకి అంటుకుపోయి, బల్ల అంచు పొట్టలోకి దిగబడి ఉంది. మనిషి సగమైపోయింది. వెనకాల గోడదాకా ఖాళీ. ఒక మనిషి హాయిగా నిలబడేంత ఖాళీ.

"వెనక్కి జరగరాదూ, ఊపిరి ఆడేట్టు లేదు నీకు" అన్నాడు విల్మార్.

"జరగదు."

"ఏంటి?"

"కుర్చీ." ఆవిడ కళ్ళతోనే నల్ల కలం చూపించింది. "అరగదీశాను. బ్రహ్మాండంగా రాసింది, ఒక పూట. ఆ తర్వాత... నా మిగతావి చూడు."

పక్కన మఖమల్ పళ్ళేలలో ఆవిడ కలాలన్నీ వరసగా పడుకుని ఉన్నాయి. విల్మార్ ఒకటి తీసి భూతద్దం పెట్టాడు. భుజం మీదుగా దిగే వాలు. ఇంకొకటి. అదే వాలు. నిన్నకాక మొన్న కొట్లో కొన్నది, మెరుగు కూడా పోనిది... అదే వాలు. జీవితమంతా రాస్తేగానీ రాని అరుగుదల.

నల్ల కలం మాత్రం శుభ్రంగా ఉంది. నెల్బా గీకిన గుండ్రటి మొన, అలాగే.

తెలివైనవాడైతే అక్కడే వెనక్కి తిరిగి మెట్లన్నీ దొర్లుకుంటూ అయినా దిగిపోయేవాడు. విల్మార్ తెలివైనవాడే. కానీ కలాలవాడు. నల్ల కలం జేబులో వేసుకున్నాడు.

"సంతకం" అన్నాడు.

కలాలవాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. కలం చేతులు మారితే, ఇచ్చినవాళ్ళు చీటీ మీద సంతకం పెట్టి, ఆ చీటీ కలం పెట్టెలో వెయ్యాలి. అది లేకపోతే దొంగసొత్తు కింద లెక్క, ఎవరూ మెచ్చరు. నెల్బా మీద గెలిచానని ఊరికి చూపించుకోకపోతే విల్మార్‌కి ఆ కలం ఎందుకు?

"పెడతాను. నీ కలం ఇయ్యి."

విల్మార్ చెయ్యి కోటు మీదికి పోయి, అక్కడే ఆగింది. "నీకు ఇన్ని ఉన్నాయిగా."

"ఒక్కటీ నా చేతికి రాయదు. చూశావుగా." ఆవిడ మెల్లగా నవ్వింది. లాంతరు వెలుగులో పళ్ళు మాత్రమే కనిపించాయి. "పెళ్ళాం అడిగితే ఇవ్వలేదు, నాకేం ఇస్తావులే. సరే, ఆ నల్లది ఇక్కడ పెట్టి వెళ్ళు. రేపు అందరికీ చెబుతాను. విల్మార్ వచ్చాడు, భయపడి కలం వదిలేసి పోయాడు అని."

వాన కిటికీని బాదింది. విల్మార్ జేబులో చెయ్యి పెట్టాడు.

"ఒక్క సంతకం" అన్నాడు. "గట్టిగా నొక్కకు."

బూడిదరంగు కలం ఆవిడ వేళ్ళలో పెట్టాడు. వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. ఆవిడ రాయడం మొదలుపెట్టలేదు. కళ్ళు మూసుకుంది. అంతే... మోచెయ్యి దానంతటదే పైకి లేచింది. ఎవరో మణికట్టు పట్టి ఎత్తినట్టు. కలం ఎత్తుగా, నిటారుగా, ఆవిడ భుజం పైనుంచి దిగింది. కాగితం మీద చప్పుడు లేదు. గీరుడు లేదు. నూనెమీద నడిచినట్టు నడిచింది.

ఆవిడ ముంగురులు... కదిలాయి. వెనకనుంచి. ఎవరో ఊపిరి వదిలినట్టు.

కిటికీలు మూసే ఉన్నాయి.

తర్వాత ఆవిడ చెయ్యి బల్లమీద టప్పున పడింది. నెల్బా కళ్ళు తెరిచింది. రెండు కాళ్ళూ నేలకి తన్ని కుర్చీని వెనక్కి నెట్టింది. కర్రుమని అరుస్తూ పోయి అది గోడకి కొట్టుకుంది. ఆవిడ ఒళ్ళు విరుచుకుని గోడకి వీపు ఆనించింది.

"అబ్బ..." అంది, ఏడుస్తున్నట్టూ నవ్వుతున్నట్టూ. "ఎన్నాళ్ళకి జేర్లబడ్డానురా దేవుడా."

విల్మార్ తన కలం లాక్కుని, చీటీ లాక్కుని, మెట్ల దారి పట్టాడు. వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది, పూర్వపు గొంతే, ఖంగుమని. "నీకూ ఒక తోడని చెప్పానా లేదా, బాబూ!"

ఇంటికి చేరేసరికి తుఫాను తగ్గింది. కరెంటు ఉంది. దీపాలన్నీ వేశాడు. వేడిగా మాతే పెట్టుకున్నాడు. ముందు నల్ల కలం నింపి రాసి చూశాడు. రాసింది. మామూలుగా, కొట్లో దొరికే ఏ కలమైనా రాసేట్టే. అందులో ఎవరూ లేరు.

విల్మార్ పకపకా నవ్వాడు. ముసలిదానికి మతి పోయింది, అంతే! తన గెలుపు తన చేత్తో చీటీ వెనక రాసుకుందామని బూడిదరంగు కలం తీశాడు.

గీరింది.

తుడిచి మళ్ళీ పెట్టాడు. గీరింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి గీరని కలం, కాగితాన్ని పిల్లి గోరులా చీల్చింది. భూతద్దం కోసం చెయ్యి చాచాడు... చాచి, ఆగాడు. చూడాలనిపించలేదు. దానికి బదులు కలాన్ని కొంచెం నిటారుగా పట్టాడు. కొంచెం నయం. మోచెయ్యి కొంచెం ఎత్తాడు. ఇంకా నయం. ఇంకొంచెం... భుజం దాకా...

చప్పుడు ఆగిపోయింది. వెన్నలా రాస్తోంది.

అంత హాయిగా ఎప్పుడూ రాయలేదు. ఏం రాస్తున్నాడో కూడా చూసుకోలేదు. చెవి వెనక చల్లగా తగిలింది. ఉన్ని తడిసిన వాసన వేసింది. తన కోటే కదా, వానలో తడిసింది... అనుకున్నాడు. కోటు తలుపు దగ్గర కొక్కేనికి వేలాడుతోంది.

కుర్చీ కాస్త ముందుకి జరుపుకుంటే ఇంకా సుఖంగా ఉంటుందని తోచింది. కాళ్ళు నేలకి ఆనించి జరపబోయాడు.

అప్పటికే జరిగి ఉంది.