బానెట్ చల్లారలేదు

"వేడిగా ఉంది. మళ్లీ వస్తాను."

అంతే. బానెట్ మీద అరచెయ్యి పెట్టింది, తీసింది, ఆ ముక్క అనేసి వెనక్కి తిరిగింది. బండి తలుపు కూడా తియ్యలేదు. బండి కొందామని ఆమెను వెంటబెట్టుకొచ్చిన పళ్ల డాక్టరుగారు నా వైపు జాలిగా చూసి, ఆమె వెనకాలే వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇలా జరగడం ఇది రెండోసారి. పొద్దున్నే లేచి ఆ నల్లటి ఎస్‌యూవీని అద్దంలా తుడిచింది ఎవరనుకున్నారు?

మాది సెకండ్ హ్యాండ్ కార్ల యార్డు. మాది అంటే మా బాబాయిది. నేను అమ్మేవాణ్ణి, అంటే అమ్మాలని నానా తంటాలు పడేవాణ్ణి. ఆమె పక్కవీధిలో ఆటోమేటిక్ గేర్‌బాక్సులు బాగుచేసే షాపులో మెకానిక్కు. కొనబోయేవాళ్లు బండి చూసిపెట్టమని అడిగితే వచ్చి చూస్తుంది. నాలుగు నెలల్లో మా ఖరీదైన బళ్లు మూడింటిని వద్దంది. మా బాబాయి ఆమెకు పెట్టిన పేరు 'గండం'. "ఒరేయ్, గండం వస్తోంది!" అని ఆఫీసు గదిలోంచి కేకేసేవాడు.

నా అవస్థ వేరు. ఆమె వస్తే తలనొప్పి, రాకపోతే ఏమీ తోచదు. తిట్టుకుంటూనే గేటు వైపు చూసేవాణ్ణి. నా మీద నాకే చిరాకేసేది.

ఆ రోజు ఉండబట్టలేక వెనకాలే పరిగెత్తాను. సన్నగా చినుకులు మొదలయ్యాయి.

"ఏమండీ, ఆగండి! ఇంజన్ వేడిగా ఉండటం నేరమా?"

"గేర్‌బాక్స్ అరిగితే చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. లోపల రబ్బరు సీళ్లు గట్టిపడిపోతాయి. ఆయిల్ వేడెక్కితే మెత్తబడి, గేరు బుద్ధిగా పడుతుంది. అందుకే కొందరు ముందే ఓ చుట్టు తిప్పి తెచ్చి పెడతారు."

"అంటే మేం మోసగాళ్లమా?"

"నేననలేదు. మీరే అన్నారు."

"పొద్దున్నే తిప్పడం మా బాబాయి అలవాటండీ. ఇంజన్‌కి మంచిదని."

"యార్డులో మిగతా పదహారు బళ్లూ చల్లగానే ఉన్నాయిగా. వాటికి మంచిది కాదా?"

నాలుగు నెలలుగా నాకు తట్టని ప్రశ్న అది. బాబాయి తిప్పి తెచ్చాక నడిపి, "గేరు వెన్నలా పడుతుందండీ" అని వచ్చినవాళ్లందరికీ చెప్పిన వెర్రివాణ్ణి నేను.

"ఎల్లుండి తొమ్మిదికి వస్తాను," అంది. "అప్పుడూ వేడిగా ఉంటే ఇక మీ గడప తొక్కను. ఎవరు పిలిచినా సరే."

బండి అమ్ముడుపోకపోతే పీడా పోయింది. ఈ పిల్ల రాకపోతే నేనేమైపోవాలి?

"చల్లగా ఉంటుంది. పూచీ నాది."

ఆమె నా కళ్లలోకి సూటిగా చూసింది. కనురెప్పల మీద ఓ చినుకు నిలిచి ఉంది. దాన్ని తుడుచుకుంటుందేమోనని చూస్తూ నేనూ తడుస్తున్న సంగతి మర్చిపోయాను.

"సరే. మీ మాట మీదే వస్తాను," అంది.

ఆ బండి తాళం జేబులో వేసుకుని రెండు రోజులు కాపలా కాశాను. మూడోరోజు ఎనిమిదింటికి యార్డుకొచ్చి బానెట్ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది!

"బాబాయ్!"

"రెండో తాళం నా దగ్గరుందిలేరా," అన్నాడు మా బాబాయి, ఏదో ఉపకారం చేసినట్టు. "ఇప్పుడే తిప్పి తెచ్చా. ఇవాళ డాక్టరుగారు కొనేస్తారు చూడు."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఇంకా గంట టైముంది. ఆఫీసులోని టేబుల్ ఫ్యాన్ తెచ్చి బండి ముందు పెట్టాను. తడిగుడ్డలు కప్పాను. అవి వేడెక్కితే పిండి మళ్లీ కప్పాను. ఇంత సేవ నా జన్మలో ఎవరికీ చెయ్యలేదు.

తొమ్మిదింటికి ఆమె వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. నా వైపు తిరిగి నవ్వింది. నాలుగు నెలల్లో మొదటి నవ్వు! అది చూసి నేను తేలిపోతుండగానే, స్టీరింగ్ కింద ఏదో వైరు తగిలించి చేతిలోని స్కానర్ చూసింది. నవ్వు ఎగిరిపోయింది.

"గేర్‌బాక్స్ ఆయిల్ యాభై ఎనిమిది డిగ్రీలు," అంది నెమ్మదిగా. "వేడిచేసి చూపించేవాళ్లు నాకు కొత్త కాదు. పైపైన చల్లార్చి చూపించింది మీరొక్కరే."

"అది కాదండీ..."

"మీ మాట మీద వచ్చాను."

వెళ్లిపోయింది. ఎవడో చేసిన తప్పుకు తిట్లు తింటే ఓర్చుకోవచ్చు. ఇది నా చేతులారా చేసుకున్నది. బాబాయి జేబులోంచి రెండో తాళం లాక్కుని, ఆయన అరుస్తున్నా వినిపించుకోకుండా వాళ్ల షాపుకు పోయాను.

ఆమె బల్ల మీద ఒక గేర్‌బాక్స్ విప్పి, పళ్లచక్రాలు గుడ్డ మీద వరసగా పేరుస్తోంది. తలెత్తలేదు. తాళాలు రెండూ ఆమె ముందు పెట్టాను.

"ఇక ఆ బండిని ఎవరూ కదపలేరు. మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే వచ్చి చూడండి."

"మీ బాబాయిగారు ఒప్పుకున్నారా?"

"లేదు. సాయంత్రానికి నన్ను కూడా అమ్మకానికి పెడతాడు."

ఆమె పెదవి కొద్దిగా కదిలింది. "ఫ్యాన్ ఎవరి ఐడియా?"

"నాదే."

"తడిగుడ్డలు?"

"అవీ నావే."

"ఇంత తెలివి ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ?"

"తెలివి కాదు, భయం," అన్నాను. "మళ్లీ రానన్నారుగా. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నా బుర్ర పనిచెయ్యడం మానేసింది."

ఆమె చేతిలోని పళ్లచక్రం వరస తప్పి పక్కన పడింది. దాన్ని సర్దడానికి మామూలుకన్నా ఎక్కువసేపే పట్టింది.

"రేపు తొమ్మిదికి," అంది. "డాక్టరుగారిని నేనే తీసుకొస్తాను."

మర్నాడు బండి నిజంగానే చల్లగా ఉంది. ఆమె నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తను బయట నిలబడి చెవి ఒగ్గింది. బాబాయి, డాక్టరుగారు పక్కనే ఉన్నారు.

"స్టార్ట్ చేసి రివర్స్ వెయ్యండి."

వేశాను. ఒకటి, రెండు, మూడు సెకన్లు ఏమీ లేదు. తరవాత వెనక నుంచి ఎవరో గుద్దినట్టు దబ్బుమంది. అదే క్షణంలో బాబాయి గట్టిగా దగ్గాడు.

"ఏంటా చప్పుడు?" అన్నారు డాక్టరుగారు.

"నా దగ్గండీ. పాత జలుబు."

"మళ్లీ వెయ్యండి," అంది ఆమె. మళ్లీ దబ్బు. మళ్లీ దగ్గు. "సార్, మీరు కాస్త దగ్గు ఆపుతారా?"

ఆమె ఇంజన్ ఆపించి, టార్చి పట్టుకుని, ఆయిల్ కారుతోందేమో చూడ్డానికి అట్టముక్క పరుచుకుని బండి కిందికి దూరింది. ఈలోగా డాక్టరుగారు కిటికీ దగ్గరికొచ్చారు.

"బాబూ, నువ్వు రోజూ నడిపే బండి కదా. నువ్వేమంటావు?"

బాబాయి నన్ను కళ్లతోనే నమిలేస్తున్నాడు.

"కొనకండి. గేర్‌బాక్స్ పోయే దశలో ఉంది. నాకూ ఇవాళే తెలిసింది. ఇన్నాళ్లూ తెలుసుకోకుండానే పొగిడాను, క్షమించండి."

డాక్టరుగారు నా భుజం తట్టి, మిగతా బళ్లు చూస్తానని అటు నడిచారు. అంతే, బాబాయి విరుచుకుపడ్డాడు.

"బుద్ధుందట్రా నీకు? నువ్వసలు ఎవరి పక్షం?"

నాలుగు నెలల విసుగంతా ఒక్కసారి గొంతులోకొచ్చింది. "ఆ అమ్మాయి పక్షం! చాలా? ఆ అమ్మాయంటే నాకు ప్రాణం. ఆమె ముందు అబద్ధాలకోరులా నిలబడటం నా వల్ల కాదు బాబాయ్. బండి కాదు, యార్డు మొత్తం పోయినా సరే!"

బాబాయి మెల్లగా బండి కిందికి వేలు చూపించాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ అమ్మాయి మా కాళ్ల దగ్గరే, బండి కిందే ఉంది.

టార్చి ఆరిపోయింది. ఆమె మెల్లగా బయటికి జరిగి లేచి నిలబడింది. చెంప మీద ఆయిల్ మరక. ముఖం ఎర్రబడి ఉంది.

"మా షాపులో ముగ్గురు మెకానిక్కులం," అంది నాతో. "మీ యార్డులో బండి చూడమని ఎవరు పిలిచినా మిగతా ఇద్దరినీ ఆపి నేనే వస్తున్నాను. నాలుగు నెలల నుంచీ. మీకిది కూడా నేనే చెప్పాలా?"

నేను స్టీరింగ్ పట్టుకుని పిచ్చివాడిలా నవ్వుతూ కూర్చున్నాను. దిగాలని కూడా తోచలేదు.

బాబాయి నుదురు కొట్టుకున్నాడు. "ఆ ముక్కేదో మొదట్లోనే చెప్పుంటే, కనీసం ఈ ఒక్క బండైనా అమ్ముడుపోయేది కదమ్మా!"

ఆమె చెంప మీది మరక భుజానికి తుడుచుకుని, ఆయన వైపు తిరిగింది.

"అప్పుడైనా ఈ బండిని అమ్మనిచ్చేదాన్ని కాదు మావయ్యగారూ."